పానకాలు చెవిలో పలికే యంత్రం

ఫిన్లాండ్ నుంచి పసుపు కొనడానికొచ్చిన యూహా మాట్లాడడం మానేసి రెండు నిమిషాలైంది. మా పెదపాలెంలో ఎవరైనా రెండు నిమిషాలు నోరు మెదపకపోతే, మంచం మీంచి దించి కింద పడుకోబెట్టేస్తారు.

వ్యాపారి పానకాలుకు చెమటలు పట్టాయి. కిందటేడు ఇలాగే ఒక విదేశీయుడు మౌనంగా కూర్చుంటే, అడక్కుండానే మూడుసార్లు ధర తగ్గించి, నష్టానికి అమ్మి, ఊళ్లో మాత్రం లాభమని మిఠాయిలు పంచిన ఘనుడాయన. ఈసారీ అలాగే అయితే కొట్టు మూసుకోవాల్సిందే.

మళ్లీ ధర తగ్గించడానికి నోరు తెరవబోయాడు.

"ఆగండి. ఆయన అలగలేదు. వాళ్ల దేశంలో ఆలోచించేటప్పుడు మాట్లాడరు," అంది చెవిలోని యంత్రం.

చింతగింజంత ఉంటుందది. మాటలు తర్జుమా చేయడంతో ఆగదు. బల్ల మీది కెమెరాతో ముఖాన్నీ, ఊపిరినీ గమనించి, ఆ దేశపు అలవాట్లతో పోల్చి, అసలు ఉద్దేశమేమిటో చెబుతుంది. యూహా చెవిలోనూ ఒకటుంది. వాటిని తయారుచేసిన డాక్టర్ హైమ పక్కనే కూర్చుంది.

సొంత కాటా మీదే నమ్మకం లేని పానకాలుకు అనుమానం వచ్చింది.

"అమ్మా, ఇది ఆయన మనిషా, నా మనిషా?"

"ఎవరి మనిషీ కాదండీ. ఇద్దరికీ నిజమే చెబుతుంది."

"ఇద్దరికీ నిజం చెప్పే మధ్యవర్తిని నేనింతవరకూ చూళ్లేదమ్మా."

అయినా నోరు మూసుకున్నాడు. నాలుగో నిమిషంలో యూహా తలెత్తి, చెప్పిన ధరకే ఒప్పుకున్నాడు.

"పదో తారీకుకి సరుకు ఓడ ఎక్కుతుందా?"

"అయ్యో, అదెంత పని! ఎక్కించేద్దాం."

యూహా తన చెవిలోది విని, "అంటే కుదరదనా?" అన్నాడు.

పానకాలు తెల్లబోయాడు. జన్మలో ఎవరికీ ముఖం మీద కాదని చెప్పినవాడు కాదు. చివరికి నేల చూపులు చూస్తూ, "ఇరవైకి అవుద్దండీ," అన్నాడు. యూహా సంబరంగా సంతకం పెట్టాడు. షరతు ఒక్కటే: రైతులిచ్చే మాటలోనూ నిజమెంతో తెలియాలి కాబట్టి, వాళ్ల దగ్గర కొనేటప్పుడు కూడా పానకాలు ఆ యంత్రం పెట్టుకోవాలి.

మర్నాడు పసుపు పండించే నాంచారమ్మ వచ్చింది.

"నా పసుపు నీక్కాక ఎవరికిస్తాను తమ్ముడూ!"

"వేరేవాళ్లకు ఇచ్చే ఉద్దేశంలో ఉంది," అంది యంత్రం.

పానకాలు ఉండబట్టలేక, "ఎవరికిద్దామనుకుంటున్నావక్కా?" అనేశాడు.

సాయంత్రానికి యంత్రం సంగతి ఊరంతా తెలిసిపోయింది. ఎలా తెలిసిందో మనకెందుకు!

అప్పట్నుంచి రైతులు చెప్పులతోపాటు మాటల్నీ గుమ్మం బయటే విడిచి వస్తున్నారు. నాంచారమ్మ మళ్లీ వచ్చి, ఎదురుగా కూర్చుని, కొంగు నోటికడ్డం పెట్టుకుని చూస్తూ ఉండిపోయింది.

"ఏమంటోంది?" గుసగుసగా యంత్రాన్ని అడిగాడు పానకాలు.

"ఏమీ అనట్లేదు."

"ఆలోచిస్తోందా? అలిగిందా?"

"చెప్పలేను. ఈ ఊరివాళ్లు మౌనంగా ఉన్న దాఖలా నా దగ్గర ఒక్కటీ లేదు."

రెండు నిమిషాలు గడిచాయి. పానకాలు ధర పెంచాడు. నాంచారమ్మ రెప్ప వేయలేదు.

మళ్లీ పెంచాడు.