కాక ఎక్కువైన బోర్డు

సన్నటి పొగ లేచింది. కమురు వాసన వచ్చింది. ఆ వెంటనే బోర్డు మీది రాగిరేకు ముక్కొకటి రిలే స్విచ్చు లోహపు కాలితో పాటే ఊడి పైకి వచ్చేసింది.

భవ్య సోల్డరింగ్ ఐరన్ పట్టుకొని కొయ్యబారిపోయింది.

"ఏమైంది?" కౌంటరు అవతల నుంచి ఉదయ్‌కిరణ్ నవ్వుతూ మెడ సాచాడు.

"ఏం కాలా."

"ఏం కాకుంటే మొగం అట్ల పెట్టినావేంది?"

ప్రొద్దుటూరులో ఇష్రత్ నడిపే రిపేరు షాపులో భవ్య కొత్తగా పని నేర్చుకుంటోంది. "రిలే ఒక్కటి మార్చు, అంతే" అని చెప్పి ఇష్రత్ జమ్మలమడుగులో పెళ్లికి వెళ్లింది. బోర్డు పులివెందులలో ఉదయ్ వాళ్ల అరటితోటది. అది పనిచేస్తేనే మోటారు తిరుగుతుంది. నిన్ననే పిలకలు నాటారు. సాయంత్రం కరెంటు వచ్చే వేళకు నీళ్లు పారకపోతే ఈ ఎండకు అన్నీ మాడిపోతాయి.

భవ్య తండ్రి ఆదినారాయణ బంగారు పని చేస్తాడు. అతుకు లోహం కరిగి నీళ్లలా పారి మెరిసేదాకా ఆయన మంట తీయకపోవడం ఆమె చిన్నప్పటి నుంచీ చూసింది. ఇక్కడా అదే చేసింది. సోల్డర్ మెరిసింది. దాని కింది రాగి ఊడొచ్చింది.

"కాక ఎక్కువైందప్పా. రాగి లేచొచ్చింది," చివరకు చెప్పేసింది.

ఉదయ్ నవ్వు ఆగిపోయింది. ఫోన్ తీసుకొని బయటకు పోయాడు.

వచ్చినప్పుడల్లా గంటలకొద్దీ ఆటపట్టించే మనిషి, ఇప్పుడు ఇష్రత్ అక్కకు చాడీలు చెప్తున్నాడన్నమాట! భవ్య విసురుగా గుమ్మం దాకా వెళ్లింది.

"లేదు నాయనా, బోర్డు నా చేతిలోంచే కింద పడింది. షాపోళ్లేం చేస్తారు? తిట్టేదుంటే నన్ను తిట్టు," ఉదయ్ ఫోన్లో అంటున్నాడు.

భవ్య గుమ్మం దాటింది. చెయ్యి చాచి ఫోన్ లాక్కుంది.

"మామా, మీవోడు అబద్ధం చెప్తాండాడు. చెడగొట్టింది నేను, షాపులో పనిచేసే భవ్యను. బాగు చేసి పంపిచ్చేదీ నేనే."

అవతల నుంచి ఉదయ్ తండ్రి బాలసుబ్రహ్మణ్యం అడిగాడు. "మా పిలకలు ఎండిపోతే?"

"ఎండవు మామా."

ఫోన్ ఉదయ్ చేతిలో పెట్టింది. "తప్పు నీ మీద యాల ఏసుకున్యావు?"

"మా నాయన నిన్ను తప్పుగా అనుకోకూడదని."

"అనుకుంటే నీకేం?"

ఉదయ్ చెవులు ఎర్రబడ్డాయి. "ముందు బోర్డు సూడు."

ఇష్రత్‌కు ఫోన్ చేస్తే పెళ్లి బాజాల మధ్య అరిచింది. "ఏడవాకు! ఆ రాగి దారి యాడికి పోతాందో సూడు. ఆడిదాకా లావు వైరు ఏసి అతికించు. ఐరన్ ముట్టించు, తియ్. బంగారం కాదే అది!"

భవ్య ఆ దారి మీది పచ్చ పూతను బ్లేడుతో గీకింది. కింద రాగి తళుక్కుమంది. రిలే కాలి నుంచి అక్కడికి వైరు పరిచింది. ఉదయ్ ఫోన్ లైటు పట్టుకున్నాడు.

"లైటు ఊగుతాంది."

"నువ్వింత దగ్గరుంటే ఊగదా?"

"నోరు ముయ్. నా చెయ్యి ఊగుతాది."

ముట్టించింది. తీసింది. బోర్డుకు కరెంటు ఇచ్చింది.

టక్!

రిలే పలికింది. పక్కనున్న బల్బు వెలిగింది. ఉదయ్ బోర్డు పట్టుకొని బైకు మీద గాలిలా పోయాడు.

సాయంత్రం కూతుర్ని పిలుచుకుపోదామని ఆదినారాయణ వచ్చాడు. నీళ్లు పారాయన్న కబురు వచ్చేదాకా కదలనంది భవ్య. ఫోన్ మోగగానే స్పీకర్ నొక్కింది.

"అమ్మా, నీళ్లు పారతాండాయి!" బాలసుబ్రహ్మణ్యం గొంతు. "ఇంగో సంగతి. మావోడు గట్టు మీద అటూ ఇటూ తిరుగుతాండాడు. నిన్ను చేసుకుంటాడంట. చెప్పేదానికి భయమంట. నాకు మాత్రం శానా ఇష్టం. నువ్వేమంటావు తల్లీ?"

భవ్య తండ్రి వైపు చూడలేకపోయింది. సిగ్గుతో పాటు మొండితనమూ వచ్చింది.

"నా పని నేనే చేసినా కదా మామా. ఆయప్ప పని ఆయప్పనే చేసుకోమను."

పెద్దాయన పకపకా నవ్వాడు. ఫోన్ చేతులు మారింది. కాలువలో నీళ్ల చప్పుడు దగ్గరైంది.

"భవ్యా..."

"చెప్పు. ఇంటాండా."

"నేనూ ఇంటాండా నాయనా," అన్నాడు ఆదినారాయణ, స్టూలు దగ్గరికి జరుపుకుంటూ. "నిదానంగా చెప్పు."