కుడి పైట, ఎడమ స్టీరింగు

"బాబూ, మాయల్లుడు నా కొడుకుని సంపేడో లేదో మీరే సెప్పాల. కోర్టు సెప్పింది సాలదు నాకు."

కుర్చీ చూపించినా కూర్చోకుండా ఆ ముసలామె అన్న మొదటి మాట ఇది. పేరు చిట్టమ్మ, తగరపువలస దగ్గర వ్యవసాయం చేసుకునే కుటుంబం. ఆమె వెనక కూతురు గంగాలమ్మ గోడకి ఆనుకుని నిలబడింది. లోపలికి వచ్చినప్పటి నుంచీ తలెత్తలేదు.

డాబా గార్డెన్స్‌లో మేడ మీద గది అది. ప్రైవేట్ డిటెక్టివ్ నీలకంఠం ఆఫీసు. పాతకారు ఫొటోలో దీపం ముక్క కనబడితే చాలు, బండి పేరూ పుట్టిన ఏడూ చెప్పేస్తాడని పోలీసులే ఆయన్ని పిలిచేవారు. అసిస్టెంటు కొండలరావు చేరి ఏడాదైంది. గురువుగారు తుమ్మినా అందులో ఏదో ఆధారం దొరుకుతుందని నమ్మే రకం.

ఆ కేసు నీలకంఠానికి కొత్త కాదు. మూడేళ్ల కిందట, డెబ్భై నాలుగు కార్తీకంలో, భీమిలి రోడ్డు మీద సైకిలు తొక్కుకుంటూ పోతున్న చిట్టమ్మ కొడుకు తవిటయ్యని ఒక కారు గుద్ది ఆగకుండా పోయింది. చూసినవాళ్లు లేరు. ఉన్నది ఒక్క ఫొటో. వనభోజనాలకి వచ్చిన ఒక ఇల్లాలిని స్టూడియో మనిషి సముద్రం ఒడ్డు నుంచి తీస్తే, సరిగ్గా ఆ వేళకి ఆమె వెనక రోడ్డు మీద పోతున్న నల్లకారు అందులో పడింది. ఏ బండో చెప్పమని పోలీసులు నీలకంఠాన్నే అడిగారు.

ఫొటోలో డ్రైవరు బండికి ఎడమవైపు కూర్చుని ఉన్నాడు. మన బళ్లకి స్టీరింగు కుడివైపు ఉంటుంది. నీలకంఠం ఆ చిక్కు అరక్షణంలో విప్పేశాడు. ఇల్లాలి పైట కుడి భుజం మీద ఉంది కాబట్టి నెగెటివు తిరగేసి అచ్చువేశారన్నాడు. సరిచేసి చూస్తే స్టీరింగు కుడివైపుకొస్తుంది, బండి భీమిలి వైపు పోతున్నట్టవుతుంది. గుండ్రటి వీపున్న నల్ల లాండ్‌మాస్టర్ అని రాసిచ్చాడు. నెగెటివు చెమ్మకి పాడైపోవడంతో ఎవరూ సరిపోల్చి చూడలేదు.

ఆ వేళ భీమిలి వైపు పోయిన నల్ల లాండ్‌మాస్టర్ ఒక్కటే. అది ఎల్లారావు బాడుగకి తిప్పే కారు. అతను గంగాలమ్మ మొగుడు, చచ్చిపోయినవాడికి స్వయానా బావ. బావమరిదిని గుద్ది పారిపోయాడని రెండేళ్లు జైల్లో పెట్టారు. బయటికొచ్చి ఆరునెలలైనా అత్తవారింటి గుమ్మం తొక్కనివ్వలేదు. టౌన్లో కారు పెట్టుకునే షెడ్డులో పడుకుంటున్నాడు.

"ఔనంటే నా కూతురు ఇంక ఆడి మొకం సూడదు. కాదంటే ఈరోజే తీసుకెళ్లి కలిపేత్తాను," అంది చిట్టమ్మ.

"నువ్వేమంటావమ్మా?" అని నీలకంఠం గంగాలమ్మని అడిగాడు.

"నానేటి సెప్తాను బాబూ. మాయింటాయన కాదంతన్నాడు. ఫొటో ఔనంతంది."

చిట్టమ్మ పైటచెంగుతో కళ్లు తుడుచుకుంది. నీలకంఠం చేతిలో కలం ఆగిపోయింది. ఆ చెంగు ఆమె కుడి భుజం మీద నుంచి వచ్చింది.

"అమ్మా, మీ పైట ఎప్పుడూ ఇటేనా?"

"ఇటుగాక ఎటేసుకుంతాం?"

కొండలరావు నవ్వాడు. "మావేపు ముసలోళ్లందరిదీ కుడిపైటే సార్. మాయమ్మదీ అంతే. టౌన్లో కాపరం పెట్టినోళ్లే ఎడంపక్కకి మార్చేసుకున్నారు."

నీలకంఠం నవ్వలేదు. ఆయనది తెనాలి. ఆ ఫొటో చూసేనాటికి విశాఖ వచ్చి రెండు నెలలే అయింది. ఆ మొహం పాలిపోవడం కొండలరావు చూసి, తన నవ్వుకి తనే సిగ్గుపడ్డాడు.

మర్నాడు మధురవాడలో ఫొటోలోని ఇల్లాలు నారాయణమ్మ ఇంటికి వెళ్లారు. ఆమెదీ కుడిపైటే. ఎడమ ముంజేతి మీద తేలు పచ్చబొట్టు ఉంది. వెంట తెచ్చిన ఫొటోతో పోల్చి చూస్తే తేలు అందులోనూ ఎడమచేతి మీదే ఉంది.

"అయితే ఫొటో తిరగబడలేదా సార్?"

"లేదు. స్టీరింగు నిజంగానే ఎడమవైపు ఉంది. బండి విశాఖ వైపే వస్తోంది. ముందు తలుపు పిడి ఎక్కడుందో చూడు."

కొండలరావు భూతద్దం పెట్టాడు. "ముందంచున ఉంది సార్."

"లాండ్‌మాస్టర్‌కి వెనకంచున ఉంటుంది. ఫొటో ఎటు తిప్పినా అది మారదు. ఇది పేజో రెండువందల మూడు, ఫ్రెంచి బండి. ఈ ప్రాంతంలో దొరికితే యానాం నుంచి రావాలి."

"అప్పుడు మీకు కనపడలేదా సార్?"

"పైట కనిపెట్టానని మురిసిపోయాను. ఆ తర్వాత చూడ్డం మానేశాను," అన్నాడు నీలకంఠం.

అల్లిపురంలో బాడీపని చేసే జగ్గారావు మేస్త్రి ఫొటో చూడగానే గుర్తుపట్టాడు. "రమణమూర్తి గారి ప్రెంచి బండి. ఆ కార్తీకంలోనే ఎడం మడ్‌గార్డు సాపు సేసేను. గేదె గుద్దిందన్నారు."

"గేదేనా?"

మేస్త్రి తల దించుకున్నాడు. "సైకిలు రంగు అంటుకుని ఉంది బాబూ. పెద్దోళ్ల గొడవ నాకెందుకని నోరు మూసుకున్నాను."

రమణమూర్తి ఓడరేవులో సరుకు దింపించే కాంట్రాక్టరు. పాతకార్లంటే పడి చస్తాడు. నీలకంఠం పదకొండు పాతకార్ల ఫొటోలతో అప్‌లాండ్స్‌లోని ఆయన బంగళాకి వెళ్లి, గుర్తుపట్టలేకపోతున్నానని బతిమాలినట్టు అడిగాడు. రమణమూర్తికి ఉషారొచ్చింది. కళ్లజోడు పెట్టుకుని మొదటి పది చకచకా చెప్పేశాడు. చక్రం చువ్వలు చూసి రైలీ అన్నాడు, ముందు జాలీ అంచు చూసి హడ్సన్ అన్నాడు. పదకొండోది, ఆ భీమిలి రోడ్డు ఫొటో, చేతికి రాగానే కళ్లజోడు తీసేశాడు.

"ఇదేముంది, లాండ్‌మాస్టర్."

తన పేజో సంగతి అడిగితే, ఎప్పుడో ఒరిస్సా వాళ్లకి అమ్మేశానన్నాడు.

ఆ ఆదివారం నీలకంఠం అందరినీ ఆఫీసుకి పిలిచాడు. చిట్టమ్మ, గంగాలమ్మ, మేస్త్రి, నారాయణమ్మ, ఇన్‌స్పెక్టరు వచ్చారు. పాతకార్ల పందెం ఫొటోలున్నాయని కబురు చేస్తే రమణమూర్తీ వచ్చాడు. ఎల్లారావు మాత్రం లోపలికి రాకుండా గుమ్మంలో నిలబడ్డాడు.

నీలకంఠం తన తప్పుతోనే మొదలుపెట్టాడు. పైట సంగతి, పచ్చబొట్టు, స్టీరింగు, తలుపు పిడి ఒక్కొక్కటీ చూపించాడు. మేస్త్రి చేత మడ్‌గార్డు సంగతి చెప్పించాడు. ఆపైన రమణమూర్తి వైపు తిరిగాడు.

"చువ్వలు చూసి రైలీ అని చెప్పగలిగిన మీరు, పదేళ్లు మీరే తుడుచుకున్న బండిని లాండ్‌మాస్టర్ అన్నారు. మీకు తెలియని బండి అందులో అదొక్కటే ఎందుకైందండీ?"

రమణమూర్తి లేచాడు. "ఆగితే ఆ జనం నన్ను బతకనిచ్చేవాళ్లా? అయినా ఇప్పుడీ గొడవేంటి? ఎవడికో ఒకడికి శిక్ష పడింది కదా!"

అన్నాక తనేమన్నాడో ఆయనకే వినపడింది. ఇన్‌స్పెక్టరు ఆయన భుజం మీద చెయ్యేశాడు.

నీలకంఠం గుమ్మం దాకా వెళ్లి ఎల్లారావుకి రెండు చేతులూ జోడించాడు. "నిన్ను జైల్లో పెట్టింది నేనే. క్షమించమని అడిగే మొహం కూడా లేదు నాకు."

"మీరు పైవూరి మనిషి బాబూ. మీకు మా సంగతి తెలీదు," అన్నాడు ఎల్లారావు. ఆ మాటలో కోపం లేదు, అందుకే నీలకంఠానికి మరీ కష్టంగా తగిలింది.

చిట్టమ్మ ఏడుస్తూ అల్లుడి చెయ్యి పట్టుకుంది. "తప్పయిపోనాది నాయనా. ఇంటికి రా."

"నీ కొడుకు పోయేడత్తా. నువ్వడిగినా తప్పు లేదు."

గంగాలమ్మ మొదటిసారి తలెత్తింది. "రా, పోదాం. ఇంటికాడ నీ గిన్నెలూ బట్టలూ సర్దీసి ఉంచేను."

ఎల్లారావు ఆమె వైపు తిరిగాడు.

"పదేళ్లు కాపరం సేసేం గంగా. తవిటిగాణ్ని నాను ఎత్తుకు తిప్పేను. జైలుకొచ్చిన పెతిసారీ ఒకటే అడిగేవు, నిజం సెప్పు, నువ్వేనా అని. నీకూ ఫొటోయే కావలసొచ్చిందేటి?"

అతను మెట్లు దిగి పోయాడు. తగరపువలస బస్సు దొరికే బస్టాండు వైపు కాకుండా షెడ్డు వైపు తిరిగాడని కిటికీలోంచి చూసిన కొండలరావు, ఆ మాట గదిలో ఎవరికీ చెప్పలేకపోయాడు.