తివాచీ మడిచేలోపు

"ఇది మా చోటండీ."

"చోటు మీద మీ పేరేమన్నా రాసుందా?"

"రాసి లేదు. కానీ మా తాతయ్య రోజుల నుంచీ పదమూడో రోజున ఈ అక్రోటు చెట్టు కింద మేమే కూర్చుంటాం. హమదాన్‌లో ఎవర్నడిగినా చెబుతారు."

"మాది హమదాన్ కాదండీ, లాలెజీన్. మరి మాకెవరు చెబుతారు?"

నస్తరన్‌కి ఒళ్ళు మండిపోయింది. చంకలో టీ కాచే సమోవార్, చేతుల్లో గోధుమ మొలకల పళ్ళెం పెట్టుకుని మనిషి ఎంతసేపని వాదిస్తుంది? ఆ అబ్బాయి మాత్రం తివాచీ మీద కాళ్ళు చాపుకుని, లెట్యూస్ ఆకుని పుదీనా పాకంలో ముంచుకుని తీరిగ్గా నములుతున్నాడు.

కొత్త ఏడాది వచ్చిన పదమూడో రోజున ఇంట్లో ఉంటే ఆ ఏటి దరిద్రమంతా ఇంట్లోనే తిష్ఠ వేస్తుందని ఊరందరి నమ్మకం. అందుకని ముసలీ ముతకా, పిల్లా జెల్లా అందరూ సమోవార్లూ తివాచీలూ మోసుకుని లోయకి వచ్చేస్తారు. అల్వంద్ కొండ నెత్తిన ఇంకా మంచు ఉంది. కింద వాగు మాత్రం కరిగిన నీళ్ళతో గలగలలాడుతూ, చలికాలం సంగతే తనకి తెలియనట్టు పారుతోంది. చెట్టుకో కుటుంబం, రాయికో కుటుంబం. నస్తరన్ వాళ్ళ చెట్టు ఒక్కటే పరాయివాళ్ళ పాలయింది.

"ఏమిటే ఆ గొడవ?" అంటూ వెనక నుంచి అమ్మమ్మ చేతికర్ర తాటించుకుంటూ వచ్చింది.

అబ్బాయి గభాలున లేచి నిలబడ్డాడు. "అమ్మమ్మగారూ, మీ కెబాబ్ మాంసం గిన్నెలో కుక్క మూతి పెట్టింది చూడండి."

అమ్మమ్మ ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది. కుక్కా లేదు, నక్కా లేదు.

"పదమూడో అబద్ధం" అన్నాడు చేతులు కట్టుకుని. ఆ రోజు సరదాకి ఆడే అబద్ధానికి ఊళ్ళో ఉన్న పేరది.

అమ్మమ్మ పళ్ళ సెట్టు జారిపోయేలా నవ్వింది. ఇంకేముంది, రెండు తివాచీలూ పక్కపక్కన పడ్డాయి. కుర్రాడి పేరు ఇరాజ్ అనీ, తండ్రితో కలిసి కుండలూ గిన్నెలూ చేస్తాడనీ అమ్మమ్మ పావుగంటలో రాబట్టేసింది.

"ఇదిగో అబ్బాయ్, మా ఇంట్లో ఒక పద్ధతుంది" అంది టీ అందిస్తూ. "ఈ ఒక్కరోజూ అబద్ధం ఆడొచ్చు. కానీ తివాచీ మడిచేలోపు విప్పేయాలి. విప్పకుండా ఇంటికి మోసుకుపోయావో, అది ఏడాదంతా నీ కాళ్ళకి అడ్డం పడుతుంది."

"విప్పేశాను కదండీ."

"నీ ఒక్కడికే కాదు, అందరికీ చెబుతున్నా" అని అమ్మమ్మ నస్తరన్ వంక చూసింది. ఎందుకు చూసిందో ఆవిడకే తెలియాలి.

సాయంత్రం పెళ్ళికాని పిల్లలందరూ వాగు ఒడ్డున గడ్డికి ముళ్ళు వేస్తున్నారు. మొగుడు త్వరగా రావాలని వేసే ముడి అది. నస్తరన్ కూడా ఎవరూ చూడకుండా రెండు పరకలు పట్టుకుంది.

"గట్టిగా కట్టండి. వదులైతే బట్టతలవాడొస్తాడు" అన్న గొంతు వెనక నుంచి వినిపించింది.

"అని ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. ఇప్పుడే పుట్టించాను."

ఆమె కోపంగా చూద్దామనుకుంది గానీ, పెదవులు మాట వినలేదు. ముడి మాత్రం గట్టిగానే బిగించింది.

ఆ ఏడాదంతా గురువారాలే. నస్తరన్ బజార్లో ఒక టైలరింగ్ షాపులో కుట్టుపని చేసేది. ఎదురుగా గిన్నెల కొట్టు. లాలెజీన్ నుంచి గురువారం గురువారం వ్యాను వచ్చేది. గిన్నెలు దిగేది ఆ కొట్లోనే గానీ, దించేవాడి కళ్ళు మాత్రం ఈ కొట్లో ఉండేవి. ఒకసారి చొక్కా బొత్తాం ఊడిందని వచ్చాడు. మరోసారి అదే బొత్తాం మళ్ళీ ఊడిందని వచ్చాడు. మూడోసారి వచ్చినప్పుడు నస్తరన్ తలెత్తకుండానే అడిగింది.

"దాన్ని నువ్వే లాగేస్తున్నావు కదూ?"

"దారం మంచిది కాదు మరి."

"దారం మా షాపుదే."

"అయితే ఇంకోసారి కుట్టు."

ఎప్పుడు 'మీరు' పోయి 'నువ్వు' వచ్చిందో ఇద్దరికీ గుర్తులేదు. అసలు మాట మాత్రం ఎవరూ అనలేదు. అతను ప్రతిదానికీ వేళాకోళం ఆడే మనిషి. అతని నోట ఏది నిజమో, ఏది సరదాయో తెలియక ఆమె ఆ మాటని సూదితో దారంతో లోలోపలే కుట్టుకుంటూ కూర్చుంది.

మళ్ళీ పదమూడో రోజు వచ్చింది. అదే అక్రోటు చెట్టు. ఈసారి రెండు కుటుంబాలూ ముందే అనుకుని వచ్చాయి. పొద్దుట్నుంచీ ఇరాజ్ నోటికి అడ్డూ ఆపూ లేదు. కారు టైరు పంక్చరైందని చెబితే నస్తరన్ అత్తకొడుకు బహ్‌మన్ పాపం రోడ్డు దాకా పోయి వచ్చాడు. పొయ్యి మీది ఆష్ సూపు అడుగంటుతోందని చెబితే నస్తరన్ వాళ్ళమ్మ గరిటె పట్టుకుని పరిగెత్తింది.

సాయంత్రం ఆనవాయితీ ప్రకారం పళ్ళెంలోని మొలకలు వాగులో వదలడానికి నస్తరన్ వెళితే, మోసుకొస్తానని పళ్ళెం పట్టుకుని అతను వెంట వచ్చాడు. నీళ్ళ దగ్గర ఆగి పళ్ళెం వంకే చూస్తూ అన్నాడు.

"శనివారం మేం మైబోద్ వెళ్ళిపోతున్నాం. మా చిన్నాన్న అక్కడ పెద్ద బట్టీ పెట్టాడు. ఇంటిల్లిపాదీ."

"ఊఁ."

"ఊఁ కాదు, నిజం. నువ్వొక్క మాట చెబితే నేను ఆగిపోతాను. రేపే మా అమ్మకి పూలూ మిఠాయిలూ ఇచ్చి మీ ఇంటికి పంపిస్తాను."

ఏడాదిగా ఆమె ఎదురుచూసిన మాట అది. కానీ చెప్పింది టైరు పంక్చరైందని చెప్పిన నోరు. తను 'పంపించు' అనగానే 'పదమూడో అబద్ధం' అని అతను నవ్వేస్తే? మొహం ఎక్కడ పెట్టుకోవాలి? ఆ ఒక్క భయంతో నస్తరన్ ఆటకి ఆటే మేలనుకుంది.

"ఆలస్యం చేశావు" అంది తాపీగా. "బహ్‌మన్ బావతో మాటయిపోయింది. శుక్రవారం ఉంగరాలు."

ఇరాజ్ వెనక్కి తిరిగి చెట్టు వైపు చూశాడు. బహ్‌మన్ రెండు గ్లాసుల్లో టీ పోసి, ఒకటి నస్తరన్ కూర్చునే చోట పెడుతున్నాడు. ప్రతి ఏడూ పెట్టేదే. అయినా ఆ క్షణాన చూసినవాడికి అది వేరేలా కనిపిస్తుంది.

"మంచిది" అన్నాడు పళ్ళెం ఆమె చేతికిస్తూ. "శుభం."

ఎంత బాగా నటిస్తున్నాడో అనుకుంది నస్తరన్. మొలకలు నీళ్ళలో వదిలి, ఇక టీ తాగుతూ ఇద్దరి అబద్ధాలూ ఒకేసారి విప్పుదామని నవ్వుకుంటూ వచ్చింది.

అప్పుడే అల్వంద్ మీద నుంచి వాన దిగింది. చినుకులతో మొదలుపెట్టే మర్యాద కూడా లేకుండా ఒక్కసారిగా కుమ్మరించింది. లోయంతా అరుపులూ కేకలూ. తివాచీ మడిచే తీరిక ఎవరికీ లేదు. చుట్టచుట్టి కార్లో కుక్కేశారు. అద్దంలోంచి చూస్తే ఇరాజ్ తడుస్తూ చెట్టుకింద అలాగే నిలబడి ఉన్నాడు. నస్తరన్ నవ్వుతూ చెయ్యి ఊపింది. అతను ఊపలేదు.

గురువారం చెబుదాంలే అనుకుంది.

గురువారం వ్యాను రాలేదు. ఆ పై గురువారమూ రాలేదు. "లాలెజీన్ వాళ్ళా? చక్రంతో సహా మైబోద్ ఎత్తేశారుగా" అన్నాడు గిన్నెల కొట్టాయన. నస్తరన్ చేతిలోని బట్ట మీద సూది ఆగిపోయింది. అక్కడిదాకా పోయి వెతకొచ్చు. కానీ ఏం పనిమీద వచ్చావమ్మా అని వాళ్ళమ్మ అడిగితే ఏం చెప్పాలి? వచ్చే పదమూడో రోజుకి తప్పకుండా వస్తాడులే అనుకుంది. రాలేదు. అమ్మమ్మకి ఒక్కదానికే చెప్పుకుని ఏడ్చింది. అమ్మమ్మ తిట్టలేదు. అదే ఇంకా బాధగా అనిపించింది.

ఏళ్ళు గడిచాయి. బహ్‌మన్‌కి షోహ్‌రెతో పెళ్ళయింది, కూతురు పుట్టింది. నస్తరన్ సొంతంగా షాపు పెట్టుకుంది. చూడ్డానికి వచ్చినవాళ్ళు టీ తాగి వెళ్ళారు. కొందర్ని ఆమె వద్దంది, కొందరు ఆమెని వద్దన్నారు. పదమూడో రోజు వస్తే మాత్రం అందరికంటే ముందు వెళ్ళి అక్రోటు చెట్టు కింద తివాచీ పరిచేది ఆమే.

ఈ ఏడూ పరిచింది. అమ్మమ్మకి చూపు తగ్గింది గానీ చెవులు మాత్రం పాము చెవులు. తివాచీ మీద దిండుకి ఆనుకుని కూర్చుంది. బహ్‌మన్ పొయ్యి విసురుతున్నాడు. షోహ్‌రె లెట్యూస్ కడగడానికి వాగు దగ్గరికి దిగింది. ఆమె కూతురు నస్తరన్ భుజం మీద నిద్రపోతోంది.

"ఇది మా చోటు అనకండి. ఈసారి నేను కూర్చోలేదు."

తల తిప్పకముందే గొంతు తెలిసిపోయింది. నస్తరన్ మెల్లగా తిరిగి చూసింది. అదే మనిషి. కాస్త లావయ్యాడు. నుదురు మీద నుంచి జుట్టు సగం వెనక్కి వెళ్ళిపోయింది.

ఆమె చూపు ఎక్కడ ఆగిందో గమనించి ఇరాజ్ తల నిమురుకున్నాడు. "మా ఆవిడ మహీన్ ముడి వదులుగా కట్టుకుంది. ఫలితం ఇదిగో."

ఆ మాట తన కోసం పుట్టించిన మాట. అది ఇప్పుడు మరొకరిది. నవ్వడానికి నస్తరన్‌కి కొంచెం సమయం పట్టింది. కాస్త దూరంలో, కారు పక్కన నెలలు నిండుతున్న ఒకామె నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడి ఉంది. ఇటు చూసి చెయ్యి ఊపింది.

"ఈ లోయ చూపించమని ఎన్నాళ్ళుగానో అడుగుతోంది" అన్నాడు ఇరాజ్. "మీ గురించి కూడా చెప్పాను."

'మీరు' మళ్ళీ వచ్చేసింది.

"నా గురించి చెప్పడానికి ఏముంది?"

"ఊరు వదిలిన రోజు బస్సులో దారిపొడవునా మిమ్మల్ని తిట్టుకున్నాను. ఏడాదిపాటు ఒక గిన్నె సరిగ్గా చెయ్యలేదు. తర్వాత అర్థమైంది. మీరు నాన్చి ఉంటే నేను ఎటూ కాకుండా పోయేవాణ్ణి. అబద్ధాల రోజున నాతో నిజం చెప్పింది మీరొక్కరే. మహీన్‌తో ఎప్పుడూ అంటుంటాను."

నస్తరన్ పాపని భుజం మీద సర్దుకుంది. ఇన్నేళ్ళూ అద్దం ముందు వల్లె వేసుకున్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అది అబద్ధం ఇరాజ్, విప్పే లోపు వాన వచ్చింది. అంతే, ఒక్క ముక్క. అది చెబితే తన బరువు దిగిపోతుంది. దిగి ఎవరి నెత్తినెక్కుతుందో కారు పక్కన నిలబడి కనిపిస్తోంది.

"పాప మీదేనా?" అన్నాడు పొయ్యి దగ్గరి బహ్‌మన్ వైపు చూస్తూ.

నస్తరన్ పాప వీపు మీద చెయ్యి వేసింది. "ఊఁ. అచ్చం వాళ్ళ నాన్నే. ఎక్కడ పడితే అక్కడ నిద్ర."

"సుఖంగా ఉన్నారా?"

"చాలా సుఖంగా ఉన్నాను. మీరు వెళ్ళండి, కొండగాలి మొదలైంది. ఆవిడకి చలి తగులుతుంది."

అతను వంగి అమ్మమ్మకి నమస్కారం చేసి వెళ్ళిపోయాడు. వెనక్కి తిరిగి చూడలేదు. చూడాల్సిన అవసరం అతనికి లేదు.

లెట్యూస్ బుట్టతో ఎక్కివచ్చిన షోహ్‌రె పాపని అందుకుంది. "ఎవరొదినా ఆయన?"

"ఎప్పుడో మన చోట్లో కూర్చున్న మనిషి."

పొద్దు వాలింది. లోయలో ఒక్కొక్క కుటుంబమే సర్దుకుంటోంది. మహీన్‌కి లోయంతా చూపించి ఇరాజ్ కూడా అప్పుడే కారు తీశాడు. నస్తరన్ సమోవార్ నీళ్ళు పారబోసి, తివాచీ మీది రొట్టెముక్కలు దులిపి, ఒక కొన పట్టుకుంది. అమ్మమ్మ తన కర్రని ఆ కొన మీద అడ్డంగా పెట్టింది.

"ఆగు. మడవకు. కారు ఇంకా రోడ్డెక్కలేదు, ఇంజను చప్పుడు వినిపిస్తూనే ఉంది. పరిగెత్తుకెళ్ళి విప్పి రా."

"ఏది విప్పమంటావు అమ్మమ్మా, పాతదా, కొత్తదా?"

"రెండూనూ. ఒకటి మోసుకెళ్ళినందుకే ఇన్నేళ్ళు నీ కాళ్ళకి అడ్డం పడింది."

నస్తరన్ చప్పుడు ఆగిపోయేదాకా వింది. కళ్ళు తుడుచుకుని, అమ్మమ్మ కర్రని మెల్లగా పక్కకి తీసింది.

"అది తెలియక మోసుకెళ్ళాను. ఇది తెలిసే తీసుకెళ్తున్నాను. ఉండనీ."

అమ్మమ్మ తడుముకుంటూ వంగి రెండో కొన పట్టుకుంది. ఇద్దరూ కలిసి, కొనకి కొన తాకించి, తివాచీ నెమ్మదిగా మడిచారు. ఆ సాయంత్రం చుక్క వాన కూడా లేదు.