సత్తమ్మ వినని క్యాసెట్

పెళ్లి ఊరేగింపు నస్పూర్ కాలనీ మలుపు తిరిగేసరికి వాన అందుకుంది. పెళ్లికొడుకు కారులోకి దూరాడు. చుట్టాలు తలా ఒక దిక్కు పరిగెత్తారు. బ్యాండువాళ్లు మాత్రం డోళ్లూ బూరలూ కోట్ల కింద దాచుకుంటూ సైకిల్ దుకాణం రేకుల కిందికి చేరారు.

అక్కడ అప్పటికే ఒక అమ్మాయి నిలబడి ఉంది. భుజానికి సంచి, చేతిలో నోట్‌బుక్కు, చెప్పుల నిండా బురద.

"జాజ్ వాయించే కొండల్ గారు మీలో ఎవరు?" అని అడిగింది.

బ్యాండు బ్యాండంతా నవ్వింది. డోలు ముత్తయ్య ముఖం తుడుచుకుంటూ, "జాజో గీజో మాకు తెల్వది బిడ్డా. కొండల్ అంటే మాత్రం గాయనే, సాక్సాఫోన్ పట్టుకొని గోడకు ఒరిగిండు సూడు" అన్నాడు.

ఆమె చూసింది. ఎర్రకోటు, భుజాల మీద జరీ కుచ్చులు, తడిసి నుదుటికి అతుక్కున్న జుట్టు.

"మీరేనా?"

"నేనైతే బాగలేదా?"

"అట్ల కాదు. సూటు ఏసుకొని క్లబ్బులల్ల వాయిస్తరు అనుకున్న. గీ కోటు ఏసుకొని జాజ్ ఎట్ల వాయిస్తరు?"

"ఊదేది నోటితోని మేడం. కోటుతోని గాదు."

మళ్లీ నవ్వులు. ఆమె బుగ్గలు ఎర్రబడ్డాయి. వాన తగ్గితే వెళ్లిపోదామనుకుంది. వాన తగ్గలేదు.

ఆమె పేరు నిర్మల. కరీంనగర్‌లో ఒక చిన్న వారపత్రికలో పని. కళాకారులతో మాట్లాడి, ఆ మాటలను టేపు మీద పట్టి, తర్వాత కాగితం మీద పెట్టడం ఆమె వంతు. బొగ్గు గనిలో ఫిట్టరుగా పనిచేస్తూ, సెలవుల్లో పెళ్లిళ్లకు బ్యాండు వాయించే ఒక కుర్రవాడు హైదరాబాదు వెళ్లి జాజ్ క్యాసెట్టు రికార్డు చేయబోతున్నాడని పత్రిక ఎడిటరు జనార్దన్‌రావు ఎక్కడో విని ఆమెను పంపాడు. ఆ సంవత్సరం 1988.

ఆ మాటలు ఆ ఒక్క వానతో తీరలేదు. నిర్మల తర్వాతి ఆదివారమూ వచ్చింది. ఆ పై ఆదివారమూ వచ్చింది.

"పాట ముందే అనుకుంటరా? వాయించుకుంట అనుకుంటరా?"

"మా ఆంటోనీ మాస్టరు ఒకటి చెప్పేటోడు. ఆయన రైల్వే గార్డు. రాసిన పాట పట్టాల మీది రైలు అంటడు. జాజ్ అంటే నడక. పొయ్యే ఊరు తెల్సు, తొవ్వ తెల్వది. నడుస్తుంటేనే తొవ్వ తెలుస్తది."

"తొవ్వ తప్పితే?"

"తప్పిన కాడికెల్లి మళ్ల నడుచుడే. తప్పు దాచిపెట్టి వాయిస్తే సాక్సాఫోన్‌కు తెలుస్తది అంటడు. వినేటోళ్లకు తెల్వకపోయినా సరే."

నిర్మల రాసుకోవడం ఆపి అతని చేతులు చూసింది. గోళ్ల కింద నల్లని గ్రీజు గీత. షిఫ్టు సైరన్ మోగింది. అతను ఆ కూతను కూనిరాగంగా పట్టుకొని, దాని పక్కనే ఇంకో స్వరం పెట్టి చూపించాడు. రోజూ విన్న సైరనే ఆ క్షణం ఎవరినో పిలుస్తున్నట్టు అనిపించింది.

"మీరు నన్ను అడుగుడే గని, మీ గురించి ఏం చెప్పరా మేడం?"

"నా గురించి పేపర్ల రాదు."

"పేపర్లకు గాదు."

ఆమె టేపు ఆపేసింది. ఆ మాట టేపులో ఉండిపోవడం ఎందుకో ఇష్టం లేకపోయింది. తనొక్కతే దాచుకుందామనుకుంది కాబోలు.

మూడో ఆదివారం కొండల్ ఒక క్యాసెట్టు తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. దాని మీద పసుపు మరకలున్నాయి.

"మాస్టరును వినకుంట నా గురించి రాస్తే అది సగం ముచ్చటే అయితది. ఆయన పోయేకంటె నెలరోజుల ముందు నేనే రికార్డు చేసిన. ఒకదిక్కు మొత్తం ఆయనే. జర వాయిస్తడు, జర మాట్లాడుతడు. గిదొక్కటే ఉన్నది."

"గీ పసుపు ఏంది?"

"సత్తమ్మ. మాస్టరు భార్య. దేవుని పటాల కాడ పెట్టుకున్నది. ఇంతవరకు వినలే. వింటే మనిషి ఇంట్లనే ఉన్నట్టు అనిపిస్తదట, తిరిగి చూస్తే ఉండడట. సంవత్సరం ఎల్లినంక వింట అన్నది. పై ఆదివారం కాదు, దాని మీది ఆదివారమే సంవత్సరీకం. గప్పటికి తెచ్చియ్యాలె."

"ఫికర్ చెయ్యకు. తెచ్చిస్త" అంది నిర్మల. 'మీరు' ఎప్పుడు పోయిందో ఇద్దరూ గమనించలేదు.

కరీంనగర్ వచ్చి ఆ సాయంత్రమే, దీపం పెట్టే వేళకు, వరండాలో కూర్చుని మొత్తం విన్నది. కళ్లు తుడుచుకుని మళ్లీ విన్నది. మూడోసారి ఆమెతో పాటు తండ్రి రాజయ్య కూడా విన్నాడు. రాజయ్య శనివారం శనివారం భజన చేసే మనిషి. "ఏం పాటనో తెల్వదు గని, దేవుని ముంగట కూసున్నట్టే ఉన్నది బిడ్డా" అన్నాడు.

ఇక్కడ ఆమె పత్రికలో ఉన్న ఒక అలవాటు చెప్పాలి. క్యాసెట్టు వెనక అంచున చిన్న ప్లాస్టిక్ రెక్క ఉంటుంది. దాన్ని విరిచేస్తే ఇక ఆ క్యాసెట్టు మీద రికార్డు బటన్ దిగదు. ఉన్నది పదిలంగా ఉంటుంది. కానీ ఆ ఆఫీసులో ఎప్పుడూ క్యాసెట్లకు కరువే. అందుకని రెక్క విరిగిన పాత సినిమా పాటల క్యాసెట్లు తెచ్చి, ఆ సందు మీద కాగితం అతికించి, మళ్లీ మళ్లీ వాడేవారు. నిర్మల చేతికి ఏ క్యాసెట్టు వచ్చినా ముందు బొటనవేలితో అంచు తడిమి చూసేది. సందు తగిలితే కాగితం ముక్క అంటించేది. ఆలోచించి చేసే పని కాదది. వంటింట్లో చెంబు ఖాళీగా కనిపిస్తే నీళ్లు నింపినట్టు.

ఒక వారం గడిచాక, సోమవారం ఉదయం టేబుల్ దగ్గర ఎడిటరుతో మాట్లాడుతూ, సంచిలోని క్యాసెట్లన్నీ సర్దుతూ, పసుపు మరకల క్యాసెట్టుకు కూడా కాగితం అంటించింది. ఆ మధ్యాహ్నం ఒక ఒగ్గు కథకుడు ఊరు విడిచి వెళ్తున్నాడంటే పరుగున వెళ్లి, చేతికి అందిన క్యాసెట్టు పెట్టి బటన్ నొక్కింది.

బుధవారం రాసుకుందామని కూర్చున్నప్పుడు ఒగ్గు కథకుని గొంతు చాలాసేపు వచ్చింది. అతని మాటలు అయిపోయి, ఒక కరకర శబ్దం వచ్చి, ఆంటోనీ మాస్టరు గొంతు ఏవో రెండు మాటలు పలికి, టేపు టక్కున ఆగింది.

నిర్మల క్యాసెట్టు తీసి చూసింది. పసుపు. అంచున తన కాగితం.

రెండు రోజులు అన్నం సహించలేదు. చిన్నప్పటి నుంచీ కష్టం వస్తే వేములవాడ రాజన్నకు మొక్కుకునేది. ఈసారి ఏమని మొక్కాలో తెలియలేదు. చెరిగిపోయిన గొంతును దేవుడు మాత్రం ఎక్కడి నుంచి తెస్తాడు? తెచ్చేవాడే అయితే సత్తమ్మకు ఆ మనిషినే తెచ్చి ఇవ్వడా?

"బాపూ, తెల్వక చేస్తే తప్పేనా?"

రాజయ్య బిడ్డ ముఖం చూసి, చేతిలోని భజన తాళాలు పక్కన పెట్టాడు. అంతా విన్నాడు.

"తెల్వక చేసినవు. దానికి దేవుడు నిన్ను ఏమంటడో నాకు తెల్వదు బిడ్డా. గని నీకు ఇప్పుడు తెల్సింది గద. ఆమెకు తెల్వది. గింత దూరంల కూసొని నువ్వు ఏడుస్తున్నవు, ఆమె పాపం ఆదివారం కోసం ఎదురుచూస్తున్నది. గది నాకు మంచిగ అనిపిస్తలేదు."

శనివారం బస్సెక్కింది. గోదావరి వంతెన మీద అందరూ నదికి దండం పెడుతుంటే ఆమె కూడా పెట్టింది. ఏమీ అడగలేదు.

కొండల్ గని గేటు బయట దొరికాడు. ముఖమంతా బొగ్గు, నవ్వు మాత్రం తెల్లగా ఉంది. ఆమె చెప్పడం మొదలుపెట్టాక ఆ నవ్వు పోయింది. కాగితం సంగతి, ఒగ్గు కథ సంగతి, అన్నీ చెప్పింది. అతను హెల్మెట్ రెండు చేతుల్లో తిప్పుతూ ఉండిపోయాడు.

"మొత్తం పోయిందా?"

"ఆఖర్ల రెండు మాటలు ఉన్నయ్."

"హైదరాబాద్‌ల నాతోని వాయించేటోళ్లకు మాస్టరు పాట గా క్యాసెట్ల వినిపిద్దామనుకున్న. గట్లనే వాయిద్దామనుకున్న." ఆగాడు. "సరే. అది నా బాధ. సత్తమ్మకు ఏం చెప్తవు?"

"జరిగిందే చెప్త."

"వద్దు. నేను చెప్త, నా చేతుల్లనే చెరిగిందని. నన్ను చిన్నప్పటికెల్లి ఎరుక. రెండు తిట్లు తిట్టి ఊకుంటది. నిన్ను ఎన్నడు సూడలే. నీ మీద మన్ను పోస్తది."

"పోయనియ్యి. నా తప్పు నీ మీద ఎందుకేసుకుంటవ్?"

"నీ మీద ఉంటే నాకు పానం నిలువది."

గేటు దగ్గర షిఫ్టు దిగినవాళ్లు ఇద్దరినీ చూసుకుంటూ పోతున్నారు. నిర్మలకు ఏడుపు ఆగలేదు. ఎప్పుడెప్పుడు వింటానా అని లోలోపల అనుకున్న మాట, వినకూడని రోజున విన్నది.

"గీ మాట వేరే దినం చెప్పాల్సింది" అంది.

"వేరే దినం దాకా ఆగుదామంటే నువ్వు మళ్ల వస్తవో రావో."

"అబద్ధం నువ్వు చెప్తే, నేను రాను."

అతను తల దించుకున్నాడు. "అయితే చెప్పకు అని అనను. నడువు, కలిసే పోదాం" అన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం సత్తమ్మ ఇంట్లో నలుగురే ఉన్నారు. సత్తమ్మ, డోలు ముత్తయ్య, కొండల్, నిర్మల. గోడకు ఏసు పటం పక్కనే వేములవాడ రాజన్న పటం. కింద ఆంటోనీ మాస్టరు ఫోటో, దానికి బంతిపూల దండ. సత్తమ్మ ఉతికిన చీర కట్టుకొని, టేపురికార్డరుకు ఎదురుగా చాప వేసి కూర్చుంది. చూడవచ్చిన బంధువు ఎదుట కూర్చున్నట్టు కొంగు సర్దుకుంది.

నిర్మల ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చుని చెప్పింది. ఎక్కడా తగ్గించలేదు. కాగితం అంటించిన చేతిని ముందుకు చాపింది, కొట్టమన్నట్టు.

సత్తమ్మ ఆ చేయిని చూసింది. కొట్టలేదు, పట్టుకోలేదు.

"సంవత్సరం ఆపుకున్న" అంది. "దినాం పొద్దుగాల దానికి పసుపు పెట్టిన. ఇంకొన్ని దినాలే, ఇంకొన్ని దినాలే అనుకున్న. ముందుగాలనే వినేదుండె."

ముత్తయ్య ముక్కు చీదుకున్నాడు.

"ఏదో మిగిలింది అన్నవు. పెట్టు."

కొండల్ బటన్ నొక్కాడు. కరకర శబ్దం. తర్వాత ఆయాసపడుతున్న ఒక ముసలి గొంతు, ఇంటి మనిషిని పిలిచే చనువుతో, "సత్తమ్మా, చాయ్ పెట్టు" అంది. టక్కున ఆగింది.

సత్తమ్మ లేచి నిలబడింది. నిజంగానే పొయ్యి దాకా నడిచింది. అక్కడ గోడ పట్టుకొని నిలబడిపోయింది. ఏడ్చింది. నిర్మల వెళ్లి పట్టుకుంటే ఈసారి పట్టుకోనిచ్చింది.

"గా దినం పాలు లెవ్వు" అంది ఏడుస్తూనే. "నల్లచాయ్ ఇచ్చిన. గిట్లుంటదా చాయ్ అని కొట్లాడిండు."

ముత్తయ్యకు నవ్వొచ్చింది. నవ్వినందుకు సిగ్గుపడి తల గోక్కున్నాడు.

సత్తమ్మ వచ్చి మళ్లీ చాప మీద కూర్చుంది. "మీరిద్దరు విన్నరు గద. ఇంకేమన్నడో చెప్పుండ్రి."

నిర్మలకు వినడమే పని. మూడుసార్లు విన్నది. కళ్లు మూసుకొని చెప్పింది, మాస్టరు ఎక్కడ ఆగాడో అక్కడ ఆగుతూ.

"'సికింద్రాబాద్ క్లబ్బుల్ల మస్తుమంది నా పాటకు డ్యాన్స్ చేసిండ్రు. ఎవ్వలు వినలే. మంచిర్యాల స్టేషన్ల ఒకనాడు డ్యూటీ దిగి ఊరికెనే ఊదుతున్న. బోరింగు కాడ ఒక పిల్ల బిందె నింపుడు మర్చిపోయి వింటున్నది. దగ్గరికొచ్చి, ఇది ఏడుపా, నవ్వా అని అడిగింది. నాకు జవాబు రాలే. ముప్పై ఏండ్లాయె, గా జవాబే వాయిస్తున్న.'"

సత్తమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. "గట్లనే అడిగిన" అంది. "నాకు గూడ చెప్పలే ఎన్నడు, గీ ముచ్చట."

తర్వాత కొండల్ సాక్సాఫోన్ పెట్టె తెరిచాడు. మాస్టరు పాట మొదలుపెట్టాడు. రెండో మలుపులో తడబడ్డాడు. అతను ఆగి మొదటికి వెళ్లలేదు, తడబడ్డ చోటి నుంచే నడిచాడు. పాట ఎటో పోయింది. గని సైరను లాంటి స్వరం ఒకటి వచ్చింది, బస్సు కిటికీలోంచి కనిపించే గోదావరి లాంటిది ఒకటి వచ్చింది. ముగించాక భయంగా సత్తమ్మ వైపు చూశాడు.

"ఆయన గిట్ల వాయించలే" అంది ఆమె.

"రాలే సత్తమ్మా. నాది వేరే అయింది."

"వేరేనే గావాలె. హైదరాబాద్‌ల గిట్లనే వాయించు." కళ్లు తుడుచుకొని నిర్మలను చూపించింది. "గీ పిల్ల ఎవరు నీకు?"

కొండల్ సాక్సాఫోన్ మీద లేని దుమ్ము తుడిచాడు. ముత్తయ్య అందుకున్నాడు. "గది అడగాల్నా? నాలుగు వారాలాయె, పెండ్లిళ్లల్ల డోలు ఒకదిక్కు, వీని ఊదుడు ఒకదిక్కు. నేను పరేషాన్."

"నువ్వు చెప్పు బిడ్డా."

"మా బాపును అడగాలె" అంది నిర్మల. తల ఎత్తలేదు కానీ, కాదని మాత్రం అనలేదు.

గురువారం నాడు సత్తమ్మ, కొండల్ తరఫు పెద్దగా, కొబ్బరికాయ, పండ్లు సంచిలో పెట్టుకొని కరీంనగర్ బస్సు దిగింది. కొండల్ ఉతికిన చొక్కాలో ఆమె వెనక నిలబడ్డాడు. రాజయ్య మంచం వాల్చి కూర్చోబెట్టాడు. తన బిడ్డ చేసిన దానికి చేతులు జోడించబోతే సత్తమ్మ ఆ చేతులు దించేసింది.

"నా ముంగట కూసొని ఉన్నదున్నట్టు చెప్పింది అన్నా. అబద్ధమాడితే నాకు ఎన్నటికి తెల్వకపోయేది. గట్లాంటి పిల్ల మా కొండల్‌కు గావాలె. అడుగుదామని వచ్చిన."

రాజయ్య కొండల్‌ను ఒకసారి పైనుంచి కిందికి చూశాడు.

"పిలగాడు మంచోడే అనిపిస్తుండు. గని గీ పాట ఏందో నాకు అర్థమైతలేదు చెల్లే. అర్థంగాని దాని ఎంబడి బిడ్డను ఎట్ల పంపాలె?"

"నాకు మాత్రం అర్థమైందా? ముప్పై ఏండ్లు విన్న. ఒక్కదినం బంద్ చెయ్యమనలే."

రాజయ్య తలుపు చాటున నిలబడ్డ కూతురి వైపు తిరిగాడు.

"బిడ్డా, చుట్టాలకు చాయ్ పెట్టు" అన్నాడు. తర్వాత సత్తమ్మ చేతిలోని కొబ్బరికాయ అందుకొని, కళ్లకద్దుకొని, దేవుని గది లోపలికి నడిచాడు.