రాజం తిరుపతి, తిరుపతి రాజం

చావవలసిన మనిషి అక్కడ లేడు. అందుకే గజేందర్ స్థిమితంగా టీ తాగుతున్నాడు.

ఎల్‌బీ నగర్ చౌరస్తా. మెట్రో స్టేషన్ మెట్ల కింద విజయవాడ బస్సుల కోసం జనం నిలబడి ఉన్నారు. ముందు రోజు చేతికి చిక్కిన హంతకుల సందేశం చిన్నది: 'రేపు పొద్దున, ఎల్‌బీ నగర్ బస్టాప్, తిరుపతి.'

తిరుపతి అంటే తిరుపతి రాజం అని గజేందర్‌కు అర్థమైంది. ఇంటిపేరు తిరుపతి, పేరు రాజం, ఊరు కరీంనగర్ వైపు. సరిహద్దు అవతలి ముఠా ఒకటి నగరంలో ఏం చేస్తోందో ప్రభుత్వ నిఘా విభాగానికి రహస్యంగా చెబుతున్న మనిషి. అతణ్ని ఈ పనిలోకి దించింది గజేందరే. 'నీకేం కాదే, నేనున్న' అని మాట కూడా ఇచ్చాడు. సందేశం చూడగానే రాజాన్ని నాగోల్‌లో ఒక ఫ్లాట్‌లో దాచి, తను హంతకుడి కోసం వచ్చాడు. మనిషి దొరక్క తిరిగిపోయే హంతకుడి వెంట పడాలన్నది ప్లాన్.

హెల్మెట్ పెట్టుకున్న ఒకడు బైక్ ఆపాడు. ఇంజన్ ఆపలేదు.

"తిరుపతీ!" అని పిలిచాడు.

బస్సు బోర్డు చదువుతున్న ఒకాయన వెనక్కి తిరిగాడు.

"ఆఁ?" అన్నాడు.

ఎవరో తెలిసినవాళ్లు అనుకున్నట్టుంది. నవ్వబోయాడు. రెండు తూటాలు తగిలాయి.

గజేందర్ రోడ్డు దాటేసరికి బైక్ సాగర్ రింగ్ రోడ్డు వైపు వెళ్లిపోయింది. పడిపోయిన మనిషి జేబులో ఆధార్ కార్డు ఉంది. రాజం తిరుపతి. ఇంటిపేరు రాజం, పేరు తిరుపతి. శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి వనస్థలిపురంలో ఫ్యాన్లు, మిక్సీలు బాగుచేసే షాపు పెట్టుకున్నాడు. భార్య నాగేశ్వరి. ఏ ముఠాతోనూ, ఏ ప్రభుత్వంతోనూ అతనికి సంబంధం లేదు.

ఆ రోజు నుంచి గజేందర్ తన భార్య వాణిని పేరు పెట్టి పిలవడం మానేశాడు. పిలిస్తే ఆమె 'ఆఁ' అంటుంది.

*

దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల మ్యాచింగ్ సెంటర్ ఒకటి ఉంది. కౌంటర్ దగ్గర గజేందర్ అడిగాడు.

"రాణి రంగుల ఫాల్ ఉన్నదా?"

"రాణి అయిపోయింది. నెమలి రంగు ఉంది, పైన చూడండి," అంది అమ్మాయి, తలెత్తకుండా.

పై గదిలో సుమిత్రమ్మ ఉంది. విభాగానికి అధిపతి. కాకినాడ మనిషి, ఈ ఊరొచ్చి పాతికేళ్లు దాటినా మాట మారలేదు. పక్కన శ్రీకర్, కంప్యూటర్ పనులు చూసే కుర్రాడు.

"కూర్చో. నిద్ర పడుతోందా?"

"పడుతున్నది మేడం."

"అబద్ధం సరిగ్గా చెప్పడం కూడా మర్చిపోయావు. శ్రీకర్, చూపించు."

శ్రీకర్ ఒక కాగితం పరిచాడు. అందులో అక్షరాలతో కట్టిన గళ్లు ఉన్నాయి. గడికీ గడికీ మధ్య చిన్న గీతలు.

"ఏంది ఇది? కోడా?"

"కోడ్ కాదన్నా, ప్లాన్. ఇల్లు కట్టేముందు ఇంజనీర్ గీస్తాడు చూడు, అలా డేటాబేస్‌కి స్కీమా అని గీస్తారు. బొమ్మ గీయక్కర్లేదు, టెక్స్ట్‌లో రాస్తే చాలు. ఈ గడి మనిషి. ఈ గడి అడ్రస్. మధ్య గీత చివర కాకి కాలులా ఉందే, దానర్థం ఒక మనిషికి ఎన్ని అడ్రసులైనా ఉండొచ్చని. ఈ టెక్స్ట్ టూల్‌కి ఇచ్చి జెనరేట్ నొక్కితే మొత్తం కోడ్ అదే రాసేస్తుంది."

"దీంతో మనకేం పని?"

"మన సోర్సుల పేర్లు ముఠా చేతికి చిక్కాయి," అంది సుమిత్రమ్మ. "పేర్లే, అడ్రసులు లేవు. బయట లీకైన డేటా కొన్నారు. సిమ్ కార్డులవి, డెలివరీ యాప్‌లవి. పేరుకీ అడ్రసుకీ ముడి వేసే డేటాబేస్ ఇది. మొదటి ట్రయల్‌కి ఒక్క పేరు వేశారు. మన రాజం పేరు."

శ్రీకర్ కాగితం మీద వేలు పెట్టాడు. "ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని రెండు గళ్లున్నాయి కదన్నా. ఫస్ట్ నేమ్‌లో సొంత పేరు రావాలి, రాజం అని. ఇక్కడ మనం ముందు రాసేది ముందు పెట్టేశారు, తిరుపతి అని. దాంతో మెషిన్ తిరుపతి అనే పేరు, రాజం అనే ఇంటిపేరు ఉన్న మనిషిని వెతికింది. దొరికాడు."

గజేందర్ ఆ రెండు గళ్ల వైపు చూశాడు. ఒక మనిషి చావు అంత చిన్న చోటులో పట్టింది.

"ఎవరు రాసిండ్రు?"

"సింధూర. ప్రసన్నకుమార్ అని ఒకడు ఈ సందుల్లోనే కోచింగ్ సెంటర్ నడుపుతున్నాడు, అక్కడ డేటాబేస్ చెబుతుంది. ప్రసన్నకుమార్ ముఠా మనిషి. ఆమె రెండు వైపులా ఉంది. మొదట మనకు తనే ఫోన్ చేసింది, చాలా చెప్పింది. ఈ హత్య తర్వాత ఒక్క ఫోనూ లేదు." సుమిత్రమ్మ గడియారం చూసింది. "ఈ రోజు ఆ తప్పు దిద్ది మన పేర్లన్నీ వేస్తున్నారు. సాయంత్రానికల్లా అడ్రసులు హంతకుల చేతికి వెళ్తాయి."

"తలుపులు పగలగొట్టి పోదాం."

"తలుపు మీద చెయ్యి పడగానే పేర్లు సరిహద్దు దాటిపోతాయి. అందుకని నువ్వు లోపలికి వెళ్తావు. హంతకులకీ ప్రసన్నకుమార్‌కీ మధ్య ఫోన్ మెసేజులు చేరవేసే పోచయ్య నిన్న మనకు దొరికాడు. వాడి మొహం ప్రసన్నకుమార్ ఎప్పుడూ చూడలేదు. ఈ రోజు నువ్వే పోచయ్యవి."

ఆమె ఒక పవర్ బ్యాంక్ బల్ల మీద పెట్టింది. "ఛార్జింగ్ కూడా అవుతుంది. రెండో వైపు ఒక తూటా ఉంది. ఒక్కటే. అది ప్రసన్నకుమార్‌కి కాదు. ఆ టెక్స్ట్ రాయడం తెలిసింది ఆమెకి ఒక్కదానికే. జెనరేట్ మీద ఆమె వేలు పెడితే..."

పవర్ బ్యాంక్‌ని అతని వైపు జరిపింది.

*

కోచింగ్ సెంటర్ ముందు ఫ్లెక్సీలో సింధూర ఫోటో సినిమా హీరోయిన్ సైజులో ఉంది. ఆ ఫ్లెక్సీ పక్కనే ఇంకోటి కడుతున్న ఇద్దరు మనుషులు సుమిత్రమ్మ పంపినవాళ్లు. గజేందర్ వాళ్లను చూడనట్టు మెట్లెక్కాడు.

ల్యాబ్ తలుపు సందులోంచి ప్రసన్నకుమార్ అడిగాడు. "ఈసారి బాలాపూర్ లడ్డు వేలంలో ఎవరికి పోయింది?"

"మా మేనమామకు. పంచకుండ పొలంల చల్లిండు."

తలుపు తెరుచుకుంది. ప్రసన్నకుమార్ ఇస్త్రీ చొక్కా, మెడలో ఐడీ కార్డు. నడుం దగ్గర చొక్కా కొంచెం ఉబ్బి ఉంది.

"రా పోచయ్యా. మొన్న మీవాళ్లు ఎవణ్నో లేపేశారు. పైవాళ్ల చేత నేను తిట్లు తిన్నాను."

"మాకిచ్చిన అడ్రసు కాడ్నుంచే ఆయన ఎంబడి పోయినం సార్. తప్పు మాది గాదు."

"మీది కాదులే, మేడమ్‌ది. తెలుగు మనిషై ఉండి ఇంటిపేరేదో, పేరేదో తెలియని టీచరమ్మ."

సింధూర కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది. తలలో మల్లెపూలు, కళ్లకు కాటుక, ఫ్లెక్సీలో ఉన్నట్టే. కళ్లు మాత్రం ఆ ఫోటోలోవి కావు. గజేందర్ రోజూ అద్దంలో చూస్తున్నవి.

ప్రసన్నకుమార్‌కు ఫోన్ వచ్చింది. అద్దాల తలుపు అవతల వరండాలోకి వెళ్లాడు. అక్కణ్నుంచి చూస్తూనే ఉన్నాడు.

సింధూర తల తిప్పకుండా మాట్లాడింది. "మీరు పోచయ్య కాదు."

"ఎట్ల తెలిసింది?"

"పవర్ బ్యాంక్‌ని ఎవరైనా ఫోన్ వైపు పట్టుకుంటారు. మీరు నా వైపు పట్టుకున్నారు. సుమిత్రమ్మ గారు పంపారా?"

"మాకు ఫోన్ ఎందుకు బంద్ చేసినవ్?"

"ఏం చెప్పమంటారు? ఆ గళ్లు తారుమారు చేసింది నేనే. తెలిసే చేశాను. పేరు తిరగేస్తే మీ మనిషి దొరకడు, ఎవరూ దొరకరు అనుకున్నాను." ఆమె వేళ్లు కీబోర్డు మీద కదులుతూనే ఉన్నాయి. "ఒకాయన ఉన్నాడు. మాదీ శ్రీకాకుళమే అండీ. రాజం అని ఇంటిపేరు ఉంటుందని నాకు తెలుసు. ఆ పూట గుర్తు రాలేదు."

గజేందర్ చెవిలో మళ్లీ ఆ గొంతు పలికింది. ఆఁ?

"గప్పుడు నేనక్కడ్నే ఉన్న," అన్నాడు. "చాయ్ తాగుతున్న."



"స్క్రీన్ చూడండి," అంది సింధూర. "మనిషి గడిలో ఇంటి యజమాని అని ఒక వరస పెట్టాను. రేషన్ కార్డులో ఉంటుందే, అలా. ఈ గీత మనిషి నుంచి బయల్దేరి ఇంటి యజమాని దగ్గరికి వెళ్తుంది. మీ సోర్సులందరికీ ఒకే యజమానిని పెట్టాను. రాజం తిరుపతి గారు."

"సచ్చిపోయినాయనను?"

"గీత కింద చూడండి. ఆన్ డిలీట్ కాస్కేడ్. యజమానిని తీసేస్తే ఆయన కింద ఉన్నవాళ్లంతా పోతారు, అడ్రసులతో సహా. పేర్లు లోడవ్వగానే అవి ఉన్న ఒరిజినల్ ఫైల్ దానంతటది చెరిగిపోతుంది. పోలీసులకు దొరక్కూడదని వాళ్లు పెట్టుకున్న రూలే."

"మరి తీసెయ్యరాదు?"

"డిలీట్ చేసే హక్కు ప్రసన్నకుమార్ లాగిన్‌కే ఉంది. నేను తీయమంటే ఎందుకని గీతలన్నీ వెతుకుతాడు. ఇంకెవరైనా అడగాలి."

"నిన్నెట్ల నమ్మాలె?"

"నమ్మమని అడిగే మొహం నాకు లేదు. కాల్చేదైతే ఇప్పుడే కాల్చండి. నొక్కాక కాల్చి ప్రయోజనం లేదు."

అద్దాల తలుపు తెరుచుకుంది. ప్రసన్నకుమార్ ఫోన్ జేబులో పెట్టుకుని కుర్చీ వెనక నిలబడ్డాడు. టెక్స్ట్ చదివాడు. ఇంటిపేరు, పేరు రెండుసార్లు సరిచూసుకున్నాడు.

"ఈ యజమాని ఏంటి?"

"రేషన్ కార్డు డేటా కూడా కలపాలన్నారు కదా సార్. అందులో ఆ గడి ఉంటుంది."

"సరే, కానీ."

సింధూర వేలు జెనరేట్ మీదికి వెళ్లింది. గజేందర్ బొటనవేలు పవర్ బ్యాంక్ మీట మీద ఉంది. నాగోల్ ఫ్లాట్‌లో కూర్చున్న రాజం గుర్తొచ్చాడు. నీకేం కాదే, నేనున్న.

ఆమె నొక్కింది. అతను నొక్కలేదు.

తెర మీద కోడ్ దానంతటదే పుట్టుకొచ్చింది. గీతలు పట్టికలయ్యాయి, పట్టికల్లోకి పేర్లు ఎక్కాయి, పేర్ల ఎదురుగా అడ్రసులు వచ్చి కూర్చున్నాయి. తిరుపతి రాజం పేరు ఎదురుగా నాగోల్ ఫ్లాట్ నంబర్ కనిపించింది. దాక్కోమంటే రాజం అక్కణ్నుంచి బిర్యానీ ఆర్డర్ చేసుకున్నాడు.

"ఒరిజినల్ చెరిగిపోయింది," అన్నాడు ప్రసన్నకుమార్. కుర్చీ లాక్కుని తన లాగిన్ కొట్టాడు. "పోచయ్యా, నీ ఫోనుకీ పైవాళ్లకీ ఒకేసారి వెళ్తుంది." బాణం గుర్తు సెండ్ మీదికి జరిగింది.

"సార్, జర ఆగుండ్రి."

"ఏంటి?"

చెప్పవలసిన పేరు గజేందర్ ఇన్నాళ్లూ పైకి అనలేదు.

"గా మొదటి పేరు. రాజం తిరుపతి. ఆయన పని అయిపోయె గద."

"ఉంటే నీకేం నష్టం?"

"మా పోరగాళ్లు పేరుంటే పోతరు సార్, ముందు ఎనక సూడరు. సచ్చినోని ఇంటికి మళ్ల తుపాకి పట్టుకొని పోతే పైవాళ్లు ఈసారి మిమ్మల్ని తిట్టి ఇడిసిపెడ్తరా?"

ప్రసన్నకుమార్ చెవులు ఎర్రబడ్డాయి. "వీడు చచ్చి కూడా నా ప్రాణం తీస్తున్నాడు," అంటూ ఆ పేరు మీద నొక్కాడు. తొలగించమంటారా అని మెషిన్ అడిగింది. అవునన్నాడు. అదే ఊపులో సెండ్ కూడా నొక్కాడు.

తెర ఒకసారి మినుకుమంది. పట్టికలో ఎవరూ లేరు. కింద ఒక వాక్యం వచ్చింది: 'పంపడానికి వివరాలేమీ లేవు.'

ప్రసన్నకుమార్ దాన్ని చదివాడు. సింధూర వైపు చూశాడు. చెయ్యి నడుం దగ్గరికి వెళ్లింది. గజేందర్ తన దగ్గరున్న ఒక్క తూటా అతని మోకాలికి ఇచ్చాడు. చప్పుడు విని ఫ్లెక్సీ కడుతున్న ఇద్దరూ పైకి వచ్చారు.

సింధూర కుర్చీలోంచి లేవలేదు. ఖాళీ పట్టికనే చూస్తోంది. "ఆయన్ని రెండుసార్లు తీసేశాం," అంది.

*

మరునాడు మ్యాచింగ్ సెంటర్ పై గదిలో సుమిత్రమ్మ రిపోర్టు రాస్తోంది.

"నాగేశ్వరికి చెప్పాలె మేడం," అన్నాడు గజేందర్. "ఆమె మొగుడు ఎందుకు సచ్చిపోయిండో ఆమెకు తెల్వది. అప్పులోళ్లు చంపిన్రని బస్తీల అంటున్నరట."

"ఏమని చెబుతావు? సింధూర పేరు ఎత్తకూడదు, మన రాజం పేరు ఎత్తకూడదు. ముఠా చంపిందనడానికి సాక్ష్యం ఆ పట్టికలో ఒక్క వరస. అది నువ్వే దగ్గరుండి తీయించావు."

"ఆయన అందర్నీ కాపాడిండు మేడం."

"అది ఆయనకూ తెలీదు."

ఫ్యాన్ తిరుగుతోంది. సుమిత్రమ్మ రాజం తిరుపతి మరణానికి కారణం అన్న చోట 'సాంకేతిక లోపం' అని రాసి సంతకం పెట్టింది.

ఆమె సర్వీసులో అబద్ధం లేని రిపోర్టు అదొక్కటే.