చెరగని షాట్ మార్క్

"మీ నాన్నను రెండోసారి చంపబోతున్నారమ్మాయ్," అన్నాడు కల్నల్ హాషిమ్. "ఈసారి టీవీలో. లైవ్‌గా."

మవ్లూదా చేతిలోని టీ పియాలాను బల్ల మీద పెట్టింది. చెయ్యి వణకలేదు. వణికే చేతుల్ని తాష్కెంట్ గూఢచారి శాఖ ఉద్యోగంలో ఉంచుకోదు.

కొత్త సంవత్సరం పండుగ నవ్‌రూజ్ మరునాడు ఆమె తండ్రి సాబిర్ ఊరి బయట డ్యామ్ పక్కన కొండ మీద శవమై దొరికాడు. ఊళ్లోని ఒక ప్రైవేటు ఛానల్‌లో కెమెరామన్ ఆయన. పక్కన కెమెరా ఉంది, అందులో టేపు లేదు. అదే రోజు డ్యామ్ రక్షణ ప్లాన్లు మాయమయ్యాయి. రెండూ కలిపి చూడటానికి పెద్ద తెలివి అక్కర్లేదు. ఎటునుంచి ఎటు కలపాలన్నదే తగువు.

"ఈ మధ్యాహ్నం ప్రోగ్రాంలో ఒక టేపు వేస్తారు," కల్నల్ చెప్పుకుపోయాడు. "సాబిర్ ప్లాన్లు అమ్ముతున్నట్టు అందులో బొమ్మ ఉందట. అది ప్రసారమైతే దొంగ దొరికాడు, చచ్చాడు, ఫైలు మూసెయ్యమని నాకు పైనుంచి ఫోనొస్తుంది. సాయంత్రం విమానంలో అసలు దొంగ ప్లాన్లు పట్టుకుని ఎగిరిపోతాడు."

"టేపు తెచ్చిందెవరు?"

"రోల్ఫ్ ఓస్టెన్. ఆ ఛానల్‌కి కొత్త మెషీన్లు దానం చేసిన దొరగారు. విదేశీ ముఠాకి వాడే పెద్ద. నాకు తెలుసు. రుజువు మాత్రం గుండు సున్నా."

"ప్రసారం ఆపించండి."

"ఏమని? దేశద్రోహి కూతురు మా ఆఫీసులో పనిచేస్తోంది, కొంచెం చూసీచూడనట్టు పోండి అనా? ఆ టేపు దొంగదని తేల్చు. అది గాల్లోకి ఎక్కేలోపు తేల్చు. లోపల మన మనిషి ఒకామె ఉంది. కోడ్ పేరు అనార్, అంటే దానిమ్మ. నిన్ను వెతుక్కుంటూ తనే వస్తుంది."

మవ్లూదా లేచింది. "దొరికాక వాణ్ని నాకొదిలేస్తారా, హాషిమ్ అకా?" అన్నకు ఆ ఊరి పిలుపు అకా.

"ప్రాణాలతో కావాలి నాకు."

"నేనడిగింది అది కాదు."

కల్నల్ ఛానల్ గేటు పాసు ఒకటి బల్ల మీదుగా ఆమె వైపు తోశాడు.

* * *

ముందు పన్నుకు బంగారు తొడుగు, కళ్లకు సీసా అడుగంత మందం అద్దాలు, ఒంటికి నీలం ఓవరాల్. ఛానల్ మెషీన్ రూములో ఆ పూటకు వచ్చిన తాత్కాలిక ఆపరేటరు పేరు రాహత్. ఆ వేషంలో ఉన్న మవ్లూదా వేరే ఊళ్లో, ఫెర్గానాలో, అమ్మమ్మ దగ్గర పెరిగింది కాబట్టి సాబిర్ కూతురి మొహం ఛానల్‌లో ఎవరికీ తెలియదు. సెలవులకు వచ్చినప్పుడల్లా ఆయన ఇంట్లో టేపులు ఆడించే వీడియో డెక్ పాడైంది ఒకటి విప్పి ముందు పెట్టేవాడు. మిగతా ఆడపిల్లలు బొమ్మలతో ఆడుకుంటే ఈమె బొమ్మను ముందుకూ వెనక్కీ జరిపే జాగ్ డయల్ తిప్పుతూ పెరిగింది.

"ఇదిగో, కొత్తమ్మాయ్!" మెషీన్ రూము ఇన్‌ఛార్జి ఎర్గష్ సమోసా లాంటి మాంసం సంసా కొరుకుతూనే అరిచాడు. "జిడ్డు చేతుల్తో డెక్కు ముట్టుకున్నావో, చేతులు విరగ్గొడతా!"

అంటూ అదే జిడ్డు చేత్తో డెక్కు తట్టి చూపించాడు. "టేపు లోపలే ఉంది. కంట్రోల్ రూమ్ వాళ్లు రోల్ అనగానే ప్లే నొక్కడం. చిన్నపిల్లైనా చేస్తుంది. నేను స్టూడియోలో కేబుళ్లు చూసొస్తా."

"అలాగే, అకా."

ఆయన ఇంకా గడప దాటకముందే అత్తరు వాసన లోపలికొచ్చింది. వెనకే షోహిస్తా వచ్చింది. ఊళ్లో సగం మంది మగాళ్లు వార్తల కోసం కాదు, వార్తలు చదివే ఈ మనిషి కోసమే టీవీ పెట్టుకుంటారు. ఆకుపచ్చ పట్టు గౌను, ఎర్రటి పెదవులు, చెవులకు ముత్యాలు.

"ఈసారి దానిమ్మలు పులుపట కదా, చెల్లీ?" అంది షోహిస్తా.

"పాత చెట్టువి తియ్యగానే ఉన్నాయి," కోడ్ అప్పజెప్పింది మవ్లూదా.

అయితే అనార్ ఈవిడే. కల్నల్ అభిరుచిని మెచ్చుకోవాల్సిందే. షోహిస్తా తలుపు చేరవేసి గొంతు తగ్గించింది.

"నీ శ్రమ దండగమ్మా. టేపు నేనే చూశాను, అసలుదే. పాపం, ముసలాడు ఆశకు పోయాడు. నువ్వు అడ్డం పడ్డావంటే నీ పరువూ నా పరువూ కలిపి పోతాయి. బుద్ధిగా ప్లే నొక్కి ఇంటికి పో."

"సరే, అక్కా."

షోహిస్తా ఆమె బుగ్గ గిల్లి వెళ్లిపోయింది. మవ్లూదా ఆ బుగ్గను మోచేత్తో గట్టిగా రుద్దుకుంది. ముసలాడు అన్న మాట చెవిలో ముల్లులా గుచ్చుతూనే ఉంది.

టేపు వేసి చూసింది. బొమ్మ శుభ్రంగా ఉంది. సాబిర్ కారు, సాబిర్ లాంటి వీపు, సాబిర్ టోపీ, చేతులు మారుతున్న కవరు. మొహం ఒక్కచోటా లేదు. ఇది దొంగదని తనకు తెలుసు. తెలిసి ఏం లాభం? జనం వీపు చూస్తారు, టోపీ చూస్తారు, నమ్మేస్తారు.

టేపు మీద బొమ్మా శబ్దమే కాదు, ప్రతి ఫ్రేముకూ టైమ్ కోడ్ అనే నంబరు ఉంటుంది. ఆ కోడ్‌తో పాటే యూజర్ బిట్స్ అని ఎనిమిది గళ్లుంటాయి. కెమెరామన్ తన గుర్తేదో అందులో వేసుకోవచ్చు. టీవీ చూసేవాడికి అవి కనిపించవు. మవ్లూదా డెక్ మీద అంకెలు చూపే కౌంటర్ మీటను యూజర్ బిట్స్ వైపు తిప్పింది.

డి, ఎ, డి, ఎ.

ఆ గళ్లలో అంకెలు పడతాయి, అక్షరాలైతే ఎ నుంచి ఎఫ్ దాకా మాత్రమే. అంత కరువులోనూ సాబిర్ తనకు కావలసిన మాట ఏరుకున్నాడు. దాదా. రౌడీ అనుకునేరు, తాష్కెంట్ ఇళ్లలో పిల్లలు నాన్నను పిలిచే పిలుపది. చిన్నప్పుడు కూతురు ఇంటికి వచ్చేది ఏడాదికి ఒకసారి, కాబట్టి మిగతా రోజులు కెమెరా చేత పిలిపించుకునేవాడు. తర్వాతా ఆ అలవాటు పోలేదు. మిగిలిన నాలుగు గళ్లలో తేదీ ఉంది. నవ్‌రూజ్ మరునాటి తేదీ.

పైన ఆడుతున్నది దొంగ బొమ్మ. కింద టేపు మాత్రం హంతకుడు కెమెరాలోంచి లాక్కుపోయిన టేపే.

"ఎర్గష్ అకా!" కారిడార్‌లోకి పరుగెత్తి పిలిచింది. "ఈ ఐటెం మీరే ఎక్కించారా? పాత టేపు మీద ఎందుకు ఎక్కించారు?"

"అబ్బో, నన్ను ఆరా తీసేంత దానివయ్యావా?" అన్నాడు గానీ, తన తెలివి చెప్పుకునే అవకాశం ఎవరు వదులుకుంటారు? "కొత్త టేపంటే ముందు మొదట్నించీ చివరిదాకా ఖాళీ నలుపు బొమ్మ పొయ్యాలి, కోడ్ పడాలి. ఎవడికమ్మా తీరిక? షోహిస్తాఖాన్ ఈ టేపిచ్చి తుడిచెయ్యి అకా అంది. చూస్తే కోడ్ ఎక్కడా తెగలేదు, ముత్యాల దండలా ఉంది! అలాంటిదాన్ని తుడవడానికి చేతులెలా వస్తాయి? కోడ్ జోలికి పోకుండా దొర తెచ్చిన ఐటెం బొమ్మా శబ్దం మటుకు పైన ఇన్సర్ట్ చేశా. ఆవిడకేం చెప్పకు. తుడిచేశాననే అనుకుంటోంది."

"షోహిస్తాఖాన్ ఇచ్చిందా? మీకు గట్టిగా తెలుసా?"

"అత్తరు ఇంకా వదల్లేదు టేపుకి, వాసన చూసుకో!"

మవ్లూదా మెషీన్ దగ్గరికి తిరిగొచ్చింది. ఛానల్ ముద్ర ఉన్న టేపు ఒకటి తగ్గిందంటే ఎర్గష్ భవనాన్ని తలకిందులు చేస్తాడు. అందుకే షోహిస్తా దాన్ని పారెయ్యకుండా అందరి కళ్లముందే తుడిపించాలనుకుంది. తెలివైన ఆలోచనే. ఎర్గష్ పిసినారితనం ముందు తేలిపోయింది.

ఇంకొక్కటి మిగిలింది. సాబిర్‌కు షాట్ బాగా కుదిరితే కెమెరా మీద మార్క్ మీట నొక్కే అలవాటు. ఆ గుర్తూ టేపు మీదే పడుతుంది. మవ్లూదా డెక్‌ను రిమోట్ నుంచి లోకల్‌కి మార్చింది. ఇక కంట్రోల్ రూమ్ మీటలు దీని మీద పనిచెయ్యవు. షాట్ మార్కుల జాబితా అడిగింది. దొంగ ఐటెం పొట్టిది, అది ఆగిపోయిన చోటు దాటాక పాత బొమ్మ చెరగలేదు, అక్కడ ఒకే ఒక్క మార్క్ వెలిగింది. దానికి కొన్ని క్షణాల ముందటి చోటికి టేపును పరుగెత్తించి ప్లే నొక్కింది.

కొండ అంచు. షోహిస్తా ఒక గొట్టం లాంటి కట్టను ఓస్టెన్ చేతిలో పెడుతోంది. తలతిప్పి సరాసరి కెమెరాలోకి చూసింది. చేతిసంచిలోంచి పిస్తోలు తీసింది, సరిగ్గా అక్కడే మార్క్ వెలిగింది. చప్పుడు. బొమ్మ పక్కకు ఒరిగి గడ్డిలో పడింది. కాసేపటికి ఎర్రటి పెదవుల మొహం ఒకటి అడ్డంగా వంగి, మీట కోసం తడుముకుంటూ తెరంతా నిండింది.

చావు ఎదురుగా నిలబడితే దాదా చేసిన పని మార్క్ నొక్కడం. మవ్లూదాకు ఏడుపు రాలేదు. ఆ పెదవుల్ని పీకెయ్యాలనిపించింది.

టేపును మళ్లీ అదే చోటికి తిప్పి నిలిపి, చెవి రింగులోని ట్రాన్స్‌మిటర్‌ను నొక్కింది. "అనార్ కుళ్లింది."

"ఏంటీ?" గేటు బయట వ్యానులోంచి కల్నల్ గొంతు. "రుజువేదీ?"

"టీవీ పెట్టుకోండి."

"ఎవరితో మాట్లాడుతున్నావు?"

ఆమె గబుక్కున స్టాప్ నొక్కి వెనక్కి తిరిగింది. గుమ్మంలో ఓస్టెన్. మెడకు మైకు తగిలించుకుని, స్టూడియోలో ముఖ్య అతిథిగా కూర్చోవలసిన మనిషి. చేతిలో కలం పట్టుకున్నాడు. కలానికి అంత లావు రంధ్రం ఉండదు. అది కలం కాదని ఆమెకు అర్థమైంది.

"దేవుడితో, దొరా. కొత్త మెషీను, భయంగా ఉంది."

"ఇది లోకల్‌లో ఉంది. ఎందువల్ల?" వాడి ఉజ్బెక్ పాఠ్యపుస్తకంలోంచి లేచొచ్చినట్టుంటుంది.

"కంట్రోల్ రూమ్ పిల్లలు ఊరికే కెలుకుతున్నారు."

"మంచిది. లోకల్‌లోనే ఉండనీ. నీవే నొక్కు. నేను ఇచ్చటనే నిలిచి చూచెదను." కలం ఆమె నడుముకు ఆనింది. "టేపును మొదటికి తీసుకొని రా."

టేపు ఇప్పుడు దాదా మార్క్ దగ్గర ఆగి ఉంది. వెనక్కి తిప్పితే మళ్లీ ఇక్కడికి రావడానికి వ్యవధి ఉండదు. మవ్లూదా ఒక మీట తిప్పి, ఇంకోటి నొక్కింది. కౌంటర్ మీద వరసగా సున్నాలు నిలబడ్డాయి.

"ఇదిగో దొరా. సున్నా. మొదలు."

ఓస్టెన్ సున్నాలు చూశాడు, మానిటర్ చూశాడు. ఆగి ఉన్న డెక్ టేపులోని బొమ్మ చూపించదు, అప్పుడు లోపలికొస్తున్న సిగ్నల్ చూపిస్తుంది. అక్కడ రంగుల చారలున్నాయి. తృప్తిగా తలాడించాడు. అన్ని మెషీన్లు దానం చేసినవాడు, కౌంటర్‌ను టేపు మీద ఎక్కడైనా సున్నా చేసుకోవచ్చని ఒక్కనాడూ నేర్చుకోలేదు.

పక్క మానిటర్లో షోహిస్తా కళ్లు తుడుచుకుంటోంది. కన్నీళ్లు కూడా మేకప్ చెదరకుండా కారుస్తోంది.

"ద్రోహి మొహం ఎలా ఉంటుందో, నా సోదరులారా, మీ కళ్లతో మీరే చూడండి!"

"రోల్!" స్పీకర్లో అరుపు.

"నొక్కుము," అన్నాడు ఓస్టెన్.

మవ్లూదా నొక్కింది.

తాష్కెంట్ అంతా చూసింది. పెళ్లి పలావు వడ్డిస్తున్న చోట గరిటెలు ఆగిపోయాయి. స్టూడియోలో షోహిస్తా తన చేతిలో తన పిస్తోలు చూసుకుని కుర్చీలోంచి సగం లేచింది. కంట్రోల్ రూములో ఒక్కడికీ కట్ చెయ్యాలన్న ధ్యాస రాలేదు. మొహం అడ్డంగా వంగి తెర నిండగానే మవ్లూదా జాగ్ డయల్ మీద వేలేసి బొమ్మను ఆపేసింది.

"ఏమి ఇది?" ఓస్టెన్ మానిటర్ మీదికి వంగాడు. "సున్నా... సున్నా ఉన్నది కదా!"

వాడు మానిటర్ నుంచి కళ్లు తిప్పుకునేలోపే ఆమె మెషీన్ల ర్యాక్ తలుపును వాడి మణికట్టు మీద బలంకొద్దీ మూసింది. కలం పేలింది, తూటా ఫ్యాన్లో దూరింది. రెండో దెబ్బకు వాడు నేల మీదున్నాడు, కలం ఆమె చేతిలో ఉంది. కోటు అస్తరు చిరిగి గొట్టం లాంటి కట్ట సగం బయటికొచ్చింది. డ్యామ్ ప్లాన్లు.

కలాన్ని వాడి కనుబొమల మధ్య పెట్టింది. కాల్చేద్దామనే ఉంది. మళ్లీ తెర మీద ఆగిన మొహం చూసింది. చచ్చినవాడికి సిగ్గుండదు, జనం ఉమ్మేస్తుంటే తుడుచుకోవలసిన అవసరం ఉండదు. అంత సుఖం వీడికి ఎందుకివ్వాలి?

"లే," అంది. "తెర చూడు. కళ్లు మూశావంటే కాలుస్తా."

* * *

ఇద్దరికీ బేడీలేసి కారిడార్‌లో నడిపిస్తుంటే షోహిస్తా మవ్లూదా ముందు ఆగింది. మవ్లూదా అప్పటికే అద్దాలూ బంగారు తొడుగూ తీసేసింది.

"ఎవరే నువ్వు?"

"సాబిర్ కూతుర్ని."

షోహిస్తా పెదవి వణికింది. ఆ వణుకు చూడటానికే ఇన్ని రోజులు బతికానేమో అనుకుంది మవ్లూదా. హాయిగా ఉంది. కానీ చాల్లేదు.

కల్నల్ హాషిమ్ నేల చూపులు చూస్తూ వచ్చాడు. అనార్‌ను నమ్మింది ఆయనే మరి. "తప్పు నాది," అన్నాడు. "పగ తీరిందా, అమ్మాయ్?"

"సగం."

"ఇంకా ఏం కావాలి?"

"ఈ ప్రోగ్రాం పునఃప్రసారం ఎన్నింటికో కనుక్కోండి, హాషిమ్ అకా. లాకప్‌లో వాళ్లిద్దరి ముందూ ఒక టీవీ పెట్టించాలి."