గోల్డ్ ప్యూర్ గొలుసు

"ఇది ఎక్కడిది?" అని అడిగింది ఆ అమ్మాయి, గొలుసు వైపు కాక అతని మొహం వైపు చూస్తూ.

"వాషింగ్ మెషీన్‌లోదండీ."

"మీ మెషీన్ గొలుసులు కూడా చేస్తుందా?"

అది బంగారం పరీక్షించే చిన్న కొట్టు; వెనక గదుల్లోనే ఆమె, వాళ్ళ నాన్న ఉండేవారు. అద్దాల బల్లకు ఇవతల నిలబడినవాడు అదే వీధిలో లాండ్రీ నడుపుతున్నాడు. ఆ ఉదయం మెషీన్ ఫిల్టర్ శుభ్రం చేస్తుంటే, ఊడిన బొత్తాల మధ్య ఈ గొలుసు చేతికి తగిలింది. లావుగా, ధగధగలాడుతూ ఉంది. ఎవరి బట్టల్లోంచి జారిందో తెలియదు. కొక్కెం మీద మాత్రం సన్నటి అక్షరాలున్నాయి: 18K GP.

వెంటనే మేనమామకు ఫోన్ చేసి, గొలుసు ఊసెత్తకుండా అక్షరాలకు అర్థం అడిగాడు. మావయ్యకు తెలియని విషయం లేదని ఆ ఇంట్లో అందరి నమ్మకం. ఆ నమ్మకాన్ని పెంచి పోషించినవాడు కూడా మావయ్యే.

"గోల్డ్ ప్యూర్ రా!" అన్నాడాయన, ప్రశ్న పూర్తి కాకముందే. "పరీక్షలూ గిరీక్షలూ వద్దు. నకిలీ అని చెప్పి చవగ్గా కొట్టేస్తారు."

ఇప్పుడు ఆ అమ్మాయి భూతద్దం కంటికి ఆనించుకుని కొక్కెం చూసింది.

"పూతండి."

"పూతేంటి? గోల్డ్ ప్యూర్ అని రాసుంటే!"

ఆమె నవ్వు బయటికి రాకుండా పెదవి బిగబట్టింది. "జీపీ అంటే గోల్డ్ ప్లేటెడ్. పద్దెనిమిది కారెట్లన్నది పై పూతకే. లోపలంతా ఇత్తడి. 916 అని ఉంటే ఇరవై రెండు కారెట్ల బంగారం. 750 అని ఉంటే పద్దెనిమిది, అంటే ముప్పాతిక వంతు."

"ఇలాగే చెప్పి చవగ్గా కొట్టేస్తారటగా మీరు?"

ఆమె భూతద్దం అతని చేతిలో పెట్టింది. "ముందు నా వెనక బోర్డు చదవండి. ఇక్కడ ఏదీ కొనం. తర్వాత ఆ కొక్కెం చూడండి."

కొక్కెం రాసుకునే చోట బంగారం రంగు పోయి, అడుగున ఇత్తడి వెలవెలబోతోంది. భూతద్దం దించకుండానే అతను తలెత్తాడు. ఆమె మొహం మసగ్గా కనబడింది. దించాక, అవసరమైనదానికన్నా స్పష్టంగా కనబడింది.

వీధిలో ఆమెను అందరూ గీటురాయి అనేవారు. ఆమధ్య ఒక సంబంధం దాదాపు కుదిరాక, కాబోయే అత్తగారు మెడలో హారం చూపించి "ఎలా ఉంది?" అని అడిగింది. "పనితనం బాగుందండీ, పూతే పల్చగా వేశారు" అంది ఈమె. వచ్చినవాళ్ళు కాఫీలు సగంలో వదిలేసి లేచారు.

అతను లాండ్రీ ముందు కాగితం అంటించాడు: గొలుసు దొరికింది, గుర్తులు చెప్పి తీసుకెళ్ళండి. దాంతో వీధిలో సగం మందికి గొలుసు పోయిన సంగతి గుర్తొచ్చింది. కొక్కెం మీద ఏముందని అడిగితే అందరిదీ ఒకటే మాట, 916. ఒకాయన అయితే గొలుసు తలుచుకుని కళ్ళొత్తుకున్నాడు కూడా. అది పూత గొలుసని తెలియగానే "మాది ఇంకాస్త పొడుగులెండి" అని గొడుగు తీసుకుని వెళ్ళిపోయాడు. బంగారమనుకున్నంతసేపూ దానికి వీధంతా తల్లిదండ్రులే. పూత అనేసరికి అనాథ అయిపోయింది.

ఈ కబుర్లన్నీ చెప్పడానికి అతను రోజూ పరీక్ష కొట్టుకు వెళ్ళేవాడు. ఊరికే వెళ్తే బాగుండదని ఓసారి తాళంచెవి, ఓసారి బెల్టు బకిల్ పట్టుకెళ్ళాడు.

"ఇది ఇనుమండీ," అనేది ఆమె.

"గట్టిగా చెప్తున్నారా?"

"తుప్పు కూడా అదే చెప్తోంది."

వానాకాలం కావడం అతనికి కలిసొచ్చింది. చినుకు పడితే చాలు, తగ్గేదాకా అక్కడే నిలబడేవాడు. తగ్గాక కూడా.

ఒక మధ్యాహ్నం, పొరుగూరి నుంచి అప్పుడే తిరిగొచ్చిన అత్తయ్య లాండ్రీకి వచ్చింది. వెనకే మావయ్య.

"ఒరేయ్, నా గొలుసు శాలువాకి చిక్కుకుని నీ దగ్గరికొచ్చిందేమో చూడు. కొక్కెం మీద 18K GP అని ఉంటుంది. పెళ్ళిరోజుకి మీ మావయ్య కొన్నాడు. అచ్చమైన బంగారం!"

అతను మావయ్య వైపు చూశాడు. మావయ్య సీలింగు ఫ్యాను వైపు చూశాడు.

గొలుసు చేతికి రాగానే అత్తయ్య అటూ ఇటూ తిప్పి, "కొక్కెం వంగింది. ఆ పరీక్ష కొట్లో చూపిస్తాను," అంటూ బయల్దేరింది. మావయ్య అతని చెయ్యి పట్టుకున్నాడు. "ఒరేయ్, నా కాపురం నీ చేతుల్లో ఉంది. ఒక్క అబద్ధం ఆడమని చెప్పరా ఆ పిల్లకి!"

అతను దొడ్డిదారిన ముందే పరీక్ష కొట్టుకు పరిగెత్తి, రొప్పుతూ ఆ అమ్మాయికి సంగతంతా చెప్పాడు.

"అడక్కపోతే చెప్పను," అంది ఆమె. "అడిగితే మాత్రం అబద్ధం ఆడలేను."

"మా మావయ్యండీ!"

"అయితే? నిజం చెప్పి ఒక సంబంధం పోగొట్టుకున్నాను. మీరు కూడా పోతే..." అని ఆగిపోయింది. ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

"నేను కూడా అంటే?"

ఈలోగా అత్తయ్య, మావయ్యను వెంటేసుకుని లోపలికి వచ్చి గొలుసు బల్ల మీద పెట్టింది. "కొక్కెం సంగతి తర్వాత. ముందు ఇది బంగారమేనా చెప్పమ్మా."

మావయ్య కళ్ళు మూసుకున్నాడు. ఆ అమ్మాయి ఒకసారి లాండ్రీ అబ్బాయి వైపు చూసి, చూపు తిప్పుకుంది.

"పూతండి. కానీ చాలా శ్రద్ధగా వాడారు. ఇన్నాళ్ళు నిలవడం మీ చలవే."

అత్తయ్య పకపకా నవ్వింది.

"మెడ పచ్చబడ్డనాడే నాకు తెలుసమ్మా. ఈయన పరువెందుకు తీయడమని ఊరుకున్నాను. ఆయన చేతికున్న ఫారిన్ వాచీ కూడా సంతలోదేలే, నేనే కొన్నాను."

మావయ్య ఉలిక్కిపడి వాచీ చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"తెలిస్తే మరి ఎందుకడిగావత్తయ్యా?" అన్నాడు అతను.

"మీ అమ్మ ఫోన్ చేసి, వీడు బెల్టు బకిల్ పరీక్ష చేయించుకుంటున్నాడని భయపడింది. అందుకని పిల్లని చూద్దామని వచ్చాను. నువ్వు ముందే పరిగెత్తుకొచ్చి బతిమాలతావని కూడా తెలుసు. అయినా నిజమే చెప్పింది, అదీ నా మనసు నొప్పించకుండా. మన ఇంట్లో ఒక్కరైనా ఇలాంటి మనిషి ఉండాలిరా." అమ్మాయి వైపు తిరిగింది. "మీ నాన్నగారు లోపలున్నారా?"

జవాబు కోసం ఆగకుండా మావయ్యను వెంటబెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. బయట వాన మొదలైంది.

"ఇందాక 'మీరు కూడా పోతే' అన్నావు. దానికర్థం?" అన్నాడు అతను. 'మీరు' కాస్తా 'నువ్వు' అయిందని అన్నాక గానీ అతనికి తెలియలేదు.

"తెలిసే అడుగుతున్నావు," అంది ఆమె.

"తెలుసు. అయినా నీ నోటితో వినాలని ఉంది."

"పోతే బాధపడతాను. అబద్ధం ఆడనుగా."

లోపలి నుంచి వాళ్ళ నాన్న గొంతు వినిపించింది. "అమ్మాయ్, ఆ అబ్బాయిని కూడా రమ్మను."

బల్ల చివర దారికి అడ్డంగా ఉన్న చెక్క పలకను ఆమె పైకెత్తి పట్టుకుంది. అతను తల వంచి, ఆమె చేతి కింద నుంచి అవతలికి వెళ్ళాడు.